సంక్రాంతికి తాళం వేసి వెళ్లే ముందు: వై-ఫై కెమెరాను ఫోన్‌కి కలిపేవాళ్లకు జాగ్రత్తలు

భోగికి రెండు రోజుల ముందు నుంచే బెజవాడ బస్టాండులో నిలబడ్డానికి చోటుండదు. పటమట, మొగల్రాజపురం అపార్ట్‌మెంట్లలోనూ, గుంటూరు బ్రాడీపేట, లక్ష్మీపురం వీధుల్లోనూ వరసగా తాళాలు కనిపిస్తాయి. ఆ హడావిడిలోనే చాలామంది కెమెరా కొంటారు. రాత్రి బిగించి, తెల్లారి బండెక్కుతారు. ఏలూరు దాటకముందే ఫోన్‌లో ‘డివైస్ ఆఫ్‌లైన్’ అని వస్తుంది. అలా వచ్చినప్పుడు కెమెరా చెడిపోయిందనుకోవద్దు. ఎక్కువసార్లు కరెంటో, రౌటరో, నెట్ ప్లానో దాన్ని ఆపి ఉంటుంది. అందుకే కెమెరా బిగించడానికీ ఊరెళ్లడానికీ మధ్య కనీసం పది రోజులు ఉంచుకోండి. కార్డు లోపం, రాత్రిపూట దానంతటదే ఆగి మళ్లీ మొదలవడం, ఊరికే మోగే అలర్టులు, ఇవన్నీ మొదటి వారంలోనే బయటపడతాయి. మీరు ఇంట్లో ఉండగా బయటపడితే సరిచేసుకోవచ్చు.

మెయిన్ ఆపే అలవాటు

ఊరెళ్లేటప్పుడు మెయిన్ కట్టేసి వెళ్లడం మన పెద్దవాళ్ల నాటి అలవాటు. షార్ట్ సర్క్యూట్ భయానికి అది సరైనదే. కాకపోతే మెయిన్ ఆపితే రౌటరూ ఆగుతుంది, కెమెరా గుడ్డిదవుతుంది. ఒక పగలు కూర్చుని ఎంసీబీలు (మెయిన్ బోర్డులోని చిన్న స్విచ్‌లు) ఒక్కొక్కటీ ఆపి చూస్తూ, రౌటర్, కెమెరా ఏ ఎంసీబీ మీద నడుస్తున్నాయో కనిపెట్టండి. దాని పక్కన ‘ఆపొద్దు’ అని కాగితం అతికించండి. బయల్దేరేటప్పుడు ఏసీ, గీజరు, మోటారు, వంటింటి ఎంసీబీలు ఆపి దీన్ని ఒక్కదాన్నే ఉంచండి. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంటే ఇన్వర్టర్‌నీ ఆపకూడదు. అప్పుడు దాని బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ముందే చూసుకోవాలి.

ఇన్వర్టర్ లేనివాళ్లకు రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ చాలు. కొనేముందు రౌటర్ ఎడాప్టర్ మీద రాసింది చదవండి. చాలావరకు 12 వోల్టులు ఉంటుంది, కొన్నిటికి 9 ఉంటుంది. 9 వోల్టుల రౌటర్‌కి 12 ఇస్తే అది కాలిపోయే ప్రమాదం ఉంది. పెట్టె మీద 10,000 ఎంఏహెచ్ అని రాసుంటే మురిసిపోవద్దు. ఆ లెక్క లోపలి 3.7 వోల్టుల సెల్లుది, అంటే 37 వాట్ అవర్లు. మార్పిడిలో పోయేది తీసేస్తే 30 మిగులుతుంది. 7 వాట్లు తినే రౌటర్‌కి అది నాలుగు గంటలు వస్తుంది. 5 వాట్ల కెమెరాను కూడా దానికే తగిలిస్తే రెండున్నర గంటలే.

ఫైబర్ పెట్టె, రౌటర్ వేరువేరుగా ఉన్న ఇళ్లలో రెండింటికీ బ్యాకప్ కావాలి. అపార్ట్‌మెంట్ కింద స్టిల్ట్‌లో కేబుల్ ఆపరేటర్ స్విచ్ పెట్టె ఉంటే, కరెంటు పోయినప్పుడు దానికి బ్యాకప్ ఉందో లేదో ఆపరేటర్‌ని అడగండి. అది ఆగిందంటే మీ ఇంట్లో యూపీఎస్ ఉన్నా నెట్ రాదు.

ఇవన్నీ పెట్టాక పరీక్షించడం మరిచిపోవద్దు. మెయిన్ ఆపి ఐదు నిమిషాలాగి వెయ్యండి. మీరు దేన్నీ ముట్టుకోకుండానే మూడు, నాలుగు నిమిషాల్లో కెమెరా ఫోన్‌లో కనిపించాలి. తర్వాత రౌటర్ ఒక్కదాన్నే అరగంట ఆపి చూడండి. రౌటర్ తిరిగొచ్చినా కొన్ని కెమెరాలు మొండికేస్తాయి. అలాంటిదైతే ముందు దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ రాకపోతే ఆ కెమెరాను మార్చుకోవడమే మేలు. మీరు ఊళ్లో ఉన్నప్పుడు ఇంట్లో దాన్ని ఆపి మళ్లీ వేసేవాళ్లు ఎవరూ ఉండరు.

కలపడంలో తేడా ఎక్కడ వస్తుంది

ఇళ్లకు పెట్టే వై-ఫై కెమెరాల్లో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. కొత్త రౌటర్లు 2.4, 5 రెండింటినీ ఒకే పేరుతో ఇస్తాయి. ఫోన్ 5 మీద ఉంటుంది, కెమెరా 2.4 కోసం వెతుకుతుంది, ‘కనెక్షన్ ఫెయిల్డ్’ అని వస్తుంది. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి రెండింటికీ వేరు పేర్లు పెట్టండి. కలిపేటప్పుడు ఫోన్‌ను కూడా 2.4 పేరుకే కలపండి.

వై-ఫై పేరులో తెలుగు అక్షరాలు, ఖాళీలు, గుర్తులు ఉంటే కొన్ని కెమెరాలు చదవలేవు. పేరు దాచిపెట్టినా, భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టినా అంతే. డబ్ల్యూపీఏ2, లేదా రెండూ కలిసిన మోడ్ పెట్టండి. కలిపేంతసేపూ ఫోన్‌లో మొబైల్ డేటా, వీపీఎన్ ఆపి, లొకేషన్ వేసి, యాప్ అడిగిన ‘దగ్గరి పరికరాల’ అనుమతి ఇవ్వండి.

కెమెరాకి కరెంటిచ్చి అర నిమిషం ఆగాలి. రీసెట్ బటన్ ఐదు నుంచి పది సెకన్లు నొక్కి పట్టుకుంటే గొంతు వినిపిస్తుంది, లేదా లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. తర్వాత ఫోన్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌ను లెన్సుకి జానెడు దూరంలో, స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచి చూపించండి. చదవకపోతే ఫోన్‌ను మెల్లగా వెనక్కి జరపండి. మరీ దగ్గర పెడితే లెన్సుకి మసకగా కనిపిస్తుంది.

ఇదంతా రౌటర్ పక్కనే చేయండి. కలిశాక కెమెరాను దాని చోటికి తీసుకెళ్లి, బిగించకుండానే అక్కడ సిగ్నల్ చూడండి. యాప్ అంకెల్లో చూపిస్తే మైనస్ 65 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క, మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు) దాకా నిశ్చింత. మైనస్ 70 కన్నా పడిపోతే వీడియో ఆగి ఆగి వస్తుంది. హాల్లో టీవీ వెనకున్న రౌటర్‌కీ గేటు కెమెరాకీ మధ్య రెండు గోడలు, ఒక ఇనుప గ్రిల్ వస్తే సిగ్నల్ చచ్చిపోతుంది. రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి తలెత్తులో పెడితే చాలా ఇళ్లలో సమస్య తీరిపోతుంది. అలా తీరనప్పుడే ఎక్స్‌టెండర్ కొనండి. అపార్ట్‌మెంట్లలో చుట్టూ ఇరవై రౌటర్లు ఒకదానిమీదొకటి అరుస్తుంటాయి కాబట్టి ఛానల్‌ను ‘ఆటో’లో వదలకుండా 1, 6, 11లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి.

ఆపరేటర్ రౌటర్ మారిస్తే కొత్తదానికీ పాత పేరు, పాత పాస్‌వర్డే అక్షరం తేడా లేకుండా పెట్టించుకోండి. కెమెరాలు వాటంతటవే కలుస్తాయి.

కెమెరా ఎవరి పేరు మీద ఉంది?

గవర్నర్‌పేటలో కొన్నా, అరండల్‌పేటలో కొన్నా బిగించడానికి ఒక మనిషి వస్తాడు. పని త్వరగా అవుతుందని తన ఫోన్ నంబరుతోనే ఖాతా తెరిచి, మీ ఫోన్‌కి ‘షేర్’ చేసి వెళ్లిపోతుంటాడు. అతని మీద అనుమానం అక్కర్లేదు గానీ, ఆ కెమెరా అసలు యజమాని ఇప్పుడు అతని ఫోన్. మీ ఇంట్లో ఎవరున్నారో, ఎప్పుడు లేరో అతనికీ, రేపు ఆ ఫోన్ ఎవరి చేతికి వెళితే వాళ్లకీ కనిపిస్తుంది. కెమెరాల్లో ఎక్కువ భాగం ఒకేసారి ఒక ఖాతాకే కట్టుబడి ఉంటాయి. కాబట్టి ఖాతా మీ నంబరుతో, మీ చేత్తో తెరవండి. ఇంట్లో మిగతావాళ్లకి మీరు షేర్ చేయండి. ఇప్పటికే వేరే పేరు మీద ఉంటే అతని ముందే ఆ ఖాతాలోంచి తీయించి, రీసెట్ చేసి, మళ్లీ కలుపుకోండి. వాడిన కెమెరా కొంటే డబ్బులిచ్చే ముందే ఇది చేయించాలి.

కెమెరా అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబరు, వెరిఫికేషన్ కోడ్ ఉంటాయి. గోడకు బిగించాక అవి కనిపించవు, ముందే ఫోటో తీసి దాచుకోండి. ఆ ఫోటో ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి, అది తాళంచెవి లాంటిదే.

పెట్టెలోంచి వచ్చిన పాస్‌వర్డు అలాగే ఉంచితే ఏమవుతుందో ప్రపంచం 2016లో చూసింది. మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రాం, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డులు మార్చని కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి (కెమెరా వీడియోలు దాచే పెట్టెలు) దూరింది. ఆ ఏడాది అక్టోబరులో వాటితోనే దాడి చేసి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి ఆపేసింది. మీ పాస్‌వర్డు కనీసం 12 అక్షరాలుండాలి, వై-ఫై పాస్‌వర్డు అదే కాకూడదు. యాప్‌లో రెండంచెల ధ్రువీకరణ ఉంటే వెయ్యండి. బయటి నుంచి చూడ్డానికని ఎవరైనా రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెడతామంటే వద్దనండి. యాప్ ద్వారా చూసే కెమెరాకి అది అక్కర్లేదు. పైగా కెమెరా తలుపు ఇంటర్నెట్ అంతటికీ తెరిచినట్టవుతుంది. రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలు వాటంతటవే అలాంటి తలుపులు తెరుచుకునే సదుపాయం) కూడా ఆపండి.

కొనేటప్పుడు పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు నంబరు చూడండి. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన నిబంధనలు 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం సీసీ కెమెరాలు సైబర్ భద్రత పరీక్ష కూడా దాటాలి. పేరూ ఊరూ లేని చవక బల్బు కెమెరాకి అప్‌డేట్లు ఎవరిస్తారో అడగడానికి కూడా మనిషి దొరకడు.

బిగించే చోటు

మన ఇళ్లలో తూర్పు వాకిళ్లు ఎక్కువ. గేటు వైపు తిప్పిన కెమెరా లెన్సులోకి సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే వాలు ఎండ నేరుగా పడి, ముఖాలు నల్లగా, వెనకంతా తెల్లగా వస్తుంది. డబ్ల్యూడీఆర్ (వెలుగునీడల తేడాను సర్దే సెట్టింగు) ఉంటే వెయ్యండి, అంతకన్నా మంచిది సన్‌షేడ్ కిందికి జరిపి కాస్త పక్కకు, నేల వైపు వంచడం. ఎత్తు ఎనిమిది, తొమ్మిది అడుగులు చాలు. మేడ మీద పిట్టగోడకి పెడితే వీధంతా కనిపిస్తుంది గానీ మనుషుల నడినెత్తులే రికార్డవుతాయి.

రాత్రి చిత్రం తెల్లటి పొగలా ఉంటే తెల్ల గోడో, సన్‌షేడ్ అంచో, కిటికీ అద్దమో దగ్గర్లో ఉండి ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును వెనక్కి కొడుతోందని అర్థం. సాలెగూడు కూడా ఇదే పని చేస్తుంది, దాని కదలికకి రాత్రంతా అలర్టులూ వస్తాయి. బయల్దేరే రోజు మెత్తటి గుడ్డతో లెన్సు తుడవండి.

పగలు బాగా నడిచి చీకటి పడగానే ఆగి ఆగి మొదలయ్యే కెమెరా ఉంటే ఎక్కువసార్లు తప్పు వైరుది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. 5 వోల్టుల యూఎస్‌బీ వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే చివరికి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. ఆ వైరు మూడు మీటర్లు దాటించకండి, ఎడాప్టర్ కెమెరాతో వచ్చినదే వాడండి. గేటు దూరమైతే 12 వోల్టుల కెమెరా తీసుకోవడం మంచిది. కెమెరా ఐపీ66 (వానకీ దుమ్ముకీ తట్టుకునే రకం) అయినా దాని వెనక తోక జాయింటు నీటికి తట్టుకోదు. దాన్ని ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో పెట్టి, వైరును కిందికి వంపు తిప్పి పైకి తీసుకెళ్లండి. నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ఎదురింటి తలుపు, పక్కింటి బాల్కనీ చిత్రంలో పడకుండా చూసుకోండి. చాలా యాప్‌లలో ఆ భాగాన్ని నల్లగా కప్పే సదుపాయం ఉంటుంది. అనుమతి లేకుండా ఒకరి ఆంతరంగిక శరీర భాగాల చిత్రం తీస్తే ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పడగ్గదిలో కెమెరా అసలు పెట్టొద్దు.

కార్డు, అలర్టులు

2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి)లో సెకనుకు సుమారు 1 మెగాబిట్ రాస్తుంది, అంటే రోజుకి దాదాపు 11 జీబీ. 64 జీబీ కార్డులో ఐదు రోజులు, 128లో పది, పదకొండు రోజులు ఉండి, పాతది చెరిగిపోతుంది. వారం రోజుల ప్రయాణానికి 128 తీసుకోండి. మామూలు కార్డు రాత్రింబవళ్లు రాసేసరికి త్వరగా అరిగిపోతుంది కాబట్టి ‘హై ఎండ్యూరెన్స్’ అని రాసున్నది అడగండి. కార్డు పెట్టాక యాప్‌లోనే ఫార్మాట్ చేసి, మర్నాడు వెనక్కి వెళ్లి నిన్న రాత్రి రెండు గంటలప్పటి వీడియో తెరిచి చూడండి. లైవ్ వస్తోంది కదా అని వదిలేస్తే, రికార్డు అసలు మొదలే కాలేదని అవసరమైన రోజు తెలుస్తుంది. టైమ్ జోన్ భారత సమయానికి (+5:30) ఉందో లేదో అప్పుడే చూడండి. గంటలు తప్పుగా పడిన వీడియో పోలీస్ స్టేషన్‌లో అక్కరకు రాదు.

దొంగ కెమెరాను పీక్కుపోతే కార్డూ పోతుంది. అందుకే ఊరెళ్లే నెల ఒక్కదానికైనా క్లౌడ్ ప్లాన్ (వీడియోను కంపెనీ సర్వర్లలో దాచేది) తీసుకోండి, లేదా గేటు కెమెరాకి తోడు హాల్లో ఇంకొకటి పెట్టండి.

యాప్‌లో అలర్టు ‘మనిషి’కి మాత్రమే పెట్టి, అది గమనించాల్సిన హద్దుగా వీధిని వదిలి గేటు లోపలి భాగాన్నే గీయండి. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం యాప్‌ను నిద్రపుచ్చుతాయి. ఆటోస్టార్ట్ వేసి, బ్యాటరీ పరిమితి తీసేయండి. తర్వాత ఫోన్ లాక్ చేసి, వై-ఫై ఆపి, రాత్రి పదింటికి ఇంట్లో ఒకర్ని గేటు దగ్గర నడవమనండి. అలర్టు ఎన్ని సెకన్లకు వస్తుందో లెక్కపెట్టండి.

బయల్దేరే ముందు

నెట్ ప్లాన్ గడువు మీరు తిరిగొచ్చే తేదీ దాటి ఉందో చూసి రీచార్జ్ చేయండి. పండగ మధ్యలో ప్లాన్ అయిపోవడం అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు. ఊళ్లో సిగ్నల్ తక్కువుంటే ఎస్‌డీలో (తక్కువ స్పష్టత వీడియో) చూడండి, గంటకి 200 నుంచి 250 ఎంబీ సరిపోతుంది. ఎంత ముద్దొచ్చినా లైవ్ స్క్రీన్ ఫోటోలూ, ‘ఊరెళ్తున్నాం’ అనే స్టేటస్‌లూ పెట్టకండి. తాళం వేసిన ఇల్లని మీ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి.

అర్ధరాత్రి తెలియని మనిషి కనిపిస్తే కెమెరా స్పీకర్‌లో అరిచే ముందు ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ మొదలుపెట్టండి. ఆ వెంటనే పక్కింటివాళ్లకి ఫోన్ చేయండి. వాళ్లను లోపలికి వెళ్లవద్దని, లైట్లు వేసి కేకలు మాత్రం వేయమని చెప్పండి. తర్వాత పోలీసులకి. మీరు ఏపీలోనే ఉంటే 112 చాలు. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉండి 112 కొడితే ఆ రాష్ట్రం కంట్రోల్ రూముకి వెళుతుంది. అందుకని మీ పేట స్టేషన్ నంబరు, పక్కింటివాళ్లవి రెండు నంబర్లు, వాచ్‌మన్ నంబరు బయల్దేరే ముందే ఇంట్లో అందరి ఫోన్లలోనూ సేవ్ చేసి, స్టేషన్ నంబరుకి ఒకసారి కొట్టి మోగుతోందో లేదో చూసుకోండి.