సిరొంచ వైపు మరాఠీ బడికి తెలుగు తల్లిదండ్రులను ఎలా దగ్గర చేయాలి?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న సిరొంచ తాలూకాలో చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో పాఠం మరాఠీ. నది దాటితే తెలంగాణ. పెళ్లి సంబంధాలు, కూలి పనులు, కాళేశ్వరం శివరాత్రి, రెండేళ్లకోసారి మేడారం జాతర, అన్నీ అటువైపే నడిపిస్తాయి. ఇలాంటి ఊరి జిల్లా పరిషత్ బడికి నాగపూర్ నుంచో వర్ధా నుంచో బదిలీపై వచ్చిన ముఖ్యాధ్యాపకులు, ఇక్కడి తల్లిదండ్రులకు పిల్లల చదువు పట్టదని మొదటి నెలలోనే తేల్చేయడం మామూలు. నిజానికి ఆ తల్లిదండ్రులను పిలిచిన భాష బడిది, పిలిచిన వేళ బడిది, కూర్చోమన్న చోటూ బడిదే. ఈ మూడింటినీ ఊరి వైపుకు మార్చడానికి ఒక విద్యా సంవత్సరంలో ఎప్పుడు ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట ఇళ్ల పట్టిక తయారు చేసుకోండి

విదర్భలో బడులు జూన్ చివరలో తెరుచుకుంటాయి. ఆ వారంలోనే ఒక నోటుపుస్తకం తీసుకుని ఇంటికొక పేజీ కేటాయించండి. ఇంట్లో మాట్లాడే భాష ఏది, ఎవరు ఏ లిపి చదవగలరు, ఫోను పగటిపూట ఎవరి దగ్గర ఉంటుంది, ఏ నెలల్లో ఇంటికి తాళం పడుతుంది, అప్పుడు పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు అన్న ఐదు సంగతులు చాలు.

ఇందులో లిపి సంగతిని తేలికగా తీసుకోకండి. ఇక్కడే పుట్టి మరాఠీ బడిలో చదివిన తండ్రి తెలుగు ధారాళంగా మాట్లాడతాడు కానీ తెలుగు అక్షరం చదవలేకపోవచ్చు. చెన్నూరు నుంచో మహదేవపూర్ నుంచో కోడలిగా వచ్చిన తల్లి తెలుగు చదువుతుంది కానీ మరాఠీ చీటీ ఆమెకు గీతల్లాగే కనిపిస్తుంది. ఒకే ఇంట్లో రెండు రకాల అక్షరాస్యులు, రెండు రకాల నిరక్షరాస్యులు ఉంటారన్నమాట. అందుకే చీటీని రెండు లిపుల్లో రాయించండి, దానితో పాటు తెలుగులో అర నిమిషం మాట రికార్డు చేసి ఫోనుకు పంపండి. "అక్కా, నేను బడి సారును మాట్లాడుతున్న. రేపు పొద్దూకినంక ఏడు గంటలకు మీ వాడల పోచమ్మ గుడి కాడ కూసుంటం. పిల్లల అన్నం గురించి మీరే చెప్పాలె" అంటే సరిపోతుంది. మరాఠీలో పాలక్ అంటే తల్లి లేదా తండ్రి, తెలుగులో పాలకుడంటే ఏలేవాడు. కాబట్టి "పాలక్ సభ" అన్న మాటను ఆహ్వానంలో అలాగే ఉంచకండి.

ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను. ఒక బడిలో మొదటి ఏడాది నేను మరాఠీలో అచ్చు వేయించిన చీటీలను పిల్లల చేతికిచ్చి పంపి, మధ్యాహ్నం రెండు గంటలకు సభ పెట్టాను. ముగ్గురు వచ్చారు. అందులో ఒకరు తమ అబ్బాయిని బడి నుంచి తీసేస్తారేమోనన్న భయంతో వచ్చారు.

ఫిర్యాదు లేకుండా ఇంటికి వెళ్లండి

బడి నుంచి మనిషి వచ్చాడంటే పిల్లవాడు ఏదో చేశాడన్న అనుమానం ఊళ్లో సహజంగా ఉంటుంది. ఆ అనుమానం పోవాలంటే మొదటి సందర్శనలో హాజరు, మార్కులు, ఫీజులు, ఆధార్ కార్డు అనే మాటలు రాకూడదు. పిల్లవాడి గురించి మీరు స్వయంగా గమనించిన ఒక మంచి సంగతి చెప్పండి. "మీ పాప బాగా చదువుతుంది" అన్న మాట ఎవరి గురించైనా చెప్పవచ్చు, తల్లికి అది తెలుసు. "నిన్న మీ పాప కొత్తగా వచ్చిన పిల్లకు కూడికలు తెలుగులో చెప్పి చేయించింది" అంటే ఆమె మీ కోసం మంచం వాల్చుతుంది.

ఆ తరువాత రెండు ప్రశ్నలు అడగండి. బడి గురించి పాప ఇంట్లో ఏం చెబుతుంది? మేము ఏం మారిస్తే మీకు వీలవుతుంది? జవాబులను వారి ఎదుట రాసుకోకండి, ఎందుకంటే పెన్ను బయటికి రాగానే మాట సర్వేగా మారిపోతుంది. బయటికి వచ్చి రాసుకోవచ్చు. పత్తి ఏరే కాలంలో పగలు ఎవరూ దొరకరు కాబట్టి చీకటి పడే వేళకు వెళ్లండి, వంట పొయ్యి మీద ఉంటే పది నిమిషాల్లో లేచి రండి.

మీకు తెలుగు రాకపోతే అంగన్‌వాడీ సేవికను తోడు తీసుకెళ్లండి. పిల్లవాడినే దుబాసీగా వాడుకోవద్దు. తన గురించిన మాటను తానే అనువదించవలసి వచ్చిన పిల్లవాడు ఏ వాక్యాన్ని వదిలేస్తాడో ఊహించడం కష్టం కాదు. అయితే ఒక్క వాక్యమైనా మీ నోటితో తెలుగులో చెప్పండి. తప్పుగా పలికితే నవ్వుతారు. ఆ నవ్వు తరువాత మాట సులువుగా సాగుతుంది.

సమితి ఎన్నికను కాగితం మీద ముగించకండి

2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడిలోని శాళా వ్యవస్థాపన్ సమితిలో, అంటే బడి నిర్వహణ కమిటీలో, కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి, బలహీన వర్గాల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగ్గ చోటు దక్కాలి. 12 మంది సభ్యులున్న సమితి అయితే 9 మంది తల్లిదండ్రులు, 6 మంది స్త్రీలు అని లెక్క. బడి పనితీరును చూడడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధుల ఖర్చును గమనించడం సమితికి చట్టం ఇచ్చిన పనులు.

ఆచరణలో జరిగేది వేరు. సర్పంచ్ చెప్పిన పేర్లు రాసి, ఇంటింటికీ పుస్తకం తిప్పి సంతకాలు తీసుకుంటే గంటలో పని అయిపోతుంది, ఆపై రెండేళ్లు ఎవరూ బడి వైపు తొంగిచూడరు. కాబట్టి సభకు ముందే ప్రతి వాడలో విడిగా కూర్చుని, ఆ వాడ తల్లులు తమలో ఒకరిని ఎంచుకునేలా చూడండి. తరువాత అందరినీ ఒకచోట చేర్చి చేతులెత్తించి ఎన్నిక జరపండి. జూన్ చివర విత్తనాలు వేసే రోజులు, అందుకని సభ సాయంత్రమే ఉండాలి, అంగడి రోజు కాకూడదు. చర్చ తెలుగులో సాగనివ్వండి, తీర్మానం మరాఠీలో రాయించండి, సంతకానికి లేదా వేలిముద్రకు ముందు ప్రతి తీర్మానాన్ని తెలుగులో చదివి వినిపించండి. మాడియా అనే గోండు గిరిజన భాష మాట్లాడే కుటుంబాలు ఊళ్లో ఉంటే వారికోసం మరొక గొంతు కావాలి. మరాఠీ ముందు తెలుగు తల్లి ఎలా మౌనంగా ఉండిపోతుందో, తెలుగు సభలో మాడియా తల్లి అలాగే ఉండిపోతుంది.

తూచి చూసే పని అప్పగించండి

సమితికి నిజమైన పని లేకపోతే రెండో నెల నుంచి ఎవరూ రారు. మొదటి పనిగా మధ్యాహ్న భోజనాన్ని ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే ఆ విషయంలో తల్లులకు మీకంటే ఎక్కువ తెలుసు. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు ఇవ్వాలని నిబంధన. ఆ భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75 గ్రాములు. ఈ అంకెలను కాగితంలో దాచకుండా వంటగది గోడ మీద ఊరికి అర్థమయ్యేలా రాయించండి. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు 60 మంది వచ్చిన రోజున 6 కిలోల బియ్యం, కిలో 200 గ్రాముల పప్పు, 3 కిలోల కూరగాయలు పొయ్యికి వెళ్లాలి. రోజుకొక తల్లి వచ్చి, తూకం చూసి, పిల్లలతో కూర్చుని తిని, రుచి చెప్పి వెళుతుంది. వంటమనిషిని పట్టుకోవడానికి పెట్టిన కాపలాగా ఇది మారకుండా చూసే బాధ్యత మీదే. సరుకు తక్కువగా వచ్చినప్పుడు ఆ మాట వంటమనిషే మొదట చెప్పే వాతావరణం ఉండాలి.

నిధుల సంగతీ అంతే. బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్షా నిబంధనలో 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి 25,000 రూపాయల వరకు, 101 నుంచి 250 మంది ఉన్న బడికి 50,000 రూపాయల వరకు గ్రాంటు ఉంది. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు కావాలి. వచ్చిన మొత్తం, ఖర్చు, మిగులు మూడు వరుసల్లో బడి బయటి బోర్డు మీద రాయండి.

మిరప ఏరడానికి వెళ్లే కుటుంబాలతో డిసెంబరులోనే మాట్లాడండి

సరిహద్దు బడికి అసలు పరీక్ష ఇక్కడే ఉంది. కొత్త సంవత్సరం మొదలయ్యాక గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల నుంచి ఎన్నో కూలి కుటుంబాలు మిరపకాయలు ఏరడానికి తెలంగాణకు వెళతాయి. పిల్లలను వెంట తీసుకెళితే మిరప చేలో రెండు మూడు నెలల చదువు పోతుంది. ట్రాక్టరు ఎక్కే రోజున బోధించి లాభం లేదు. డిసెంబరు మొదటి వారంలో నోటుపుస్తకం తీసి, తాళం పడబోయే ఇళ్లకు మళ్లీ వెళ్లండి. అవ్వ దగ్గర పిల్లవాడు ఉండగలిగితే ఆ అవ్వకు సాయంత్రం ఎవరు తోడుంటారో సమితి నిర్ణయించాలి. తగినంత మంది పిల్లలుంటే మహారాష్ట్రలో వలస కాలానికి నడిపే హంగామీ (తాత్కాలిక) వసతిగృహం కోసం సమితి తీర్మానంతో గటశిక్షణాధికారికి, అంటే తాలూకా విద్యాధికారికి, ముందుగానే రాయాలి. కుటుంబం పోకతప్పని స్థితిలో ఉంటే కూలిని వదులుకోమని అడగకండి. ఆ నాలుగు డబ్బులతోనే ఏడాది అప్పు తీరుతుంది.

వెంట వెళ్లే పిల్లవాడికి శిక్షణ హమీ పత్రం (వెళ్లిన చోట బడిలో చేరి చదువు కొనసాగించడానికి ఇచ్చే కార్డు) ఇవ్వడంతో పాటు, అతడు ఏం చదవగలడో, ఏ లెక్కలు చేయగలడో తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వండి. అవతలి బడిలో తెలుగు గలగలా మాట్లాడే పిల్లవాడు తెలుగు అక్షరం గుర్తించకపోతే, మరాఠీ కథ చదవగలిగిన మూడో తరగతి పిల్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ వయసుకు తగిన తరగతిలో చేర్చుకోమంటుంది, ఐదో సెక్షన్ బదిలీ పత్రం ఆలస్యమైనా చేర్చుకోవడం ఆపకూడదంటుంది. ఈ రెండు వాక్యాలనూ ఆ పేజీ అడుగున రాసి, మీ ఫోను నంబరు జోడించండి.

ఊరి మాటను తరగతిలోకి తీసుకురండి

రాజ్యాంగం 350ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాటు చేయడానికి రాష్ట్రాలు, స్థానిక సంస్థలు ప్రయత్నించాలని 1956 నుంచి చెబుతోంది. తెలుగు మాధ్యమం తెప్పించడం మీ చేతిలో లేకపోయినా, వారానికి ఒక గంట మీ చేతిలోనే ఉంది. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు పూలు తెచ్చిన అవ్వను తరగతికి పిలిచి, ఏ పువ్వు ఎక్కడ పూస్తుందో చెప్పించి, పిల్లల చేత మరాఠీలో రాయించండి.

గొడవ వచ్చినప్పుడు

ఉపాధ్యాయుడు రావడం లేదనో, కొట్టాడనో ఎవరైనా కోపంగా వస్తే బడి గడపలో సమాధానం చెప్పకండి. కూర్చోబెట్టి పూర్తిగా వినండి, విన్నది వారికే తిరిగి చెప్పండి, ఏ తేదీలోగా జవాబు ఇస్తారో చెప్పి ఆ రోజున మీరే వారి ఇంటికి వెళ్లండి. జవాబు వారికి నచ్చనిదైనా వెళ్లాలి.

మళ్లీ బడి తెరిచే రోజు

వేసవిలో తునికాకు పని ముగిసి అందరూ ఊళ్లో ఉన్నప్పుడు, తాళం పడిన ఇళ్ల పేజీలు తీసి ఏ పిల్లవాడు తిరిగి వచ్చాడో సరిచూడండి. బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతి ఒక్కరి చేత ఒక పేరా చదివించి, ఎక్కడ వెనుకబడ్డారో నోటుపుస్తకంలో రాసి, ఆ సాయంత్రమే తల్లికి తెలుగులో చెప్పండి. అవతలి బడి రాసి ఇచ్చిన చీటీ ఏదైనా ఉంటే దాన్ని అదే పేజీకి అంటించండి.