ఏసీ పెద్దది పెట్టే ముందు గోడలో వైరు చూడండి, ఎంసీబీ మార్చకండి

మొన్న మా వీధిలో ఒకరింట్లో పడకగది గోడ కాలింది. పాత టన్ను విండో ఏసీ తీసేసి, అదే కిటికీలో టన్నున్నరది పెట్టించుకున్నారు. రెండో రోజు నుంచే ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే లైన్ ఆపేసే స్విచ్, పడిపోవడం మొదలైంది. పిలిస్తే వచ్చిన కుర్రాడు 16 ఆంప్స్‌ది పీకేసి 32 బిగించి వెళ్లాడు. ఆ తర్వాత అది పడనే లేదు. వారం తిరిగేసరికి బోర్డు వెనక వైరు కరిగి, పక్కనున్న కర్టెన్ అంటుకుంది. పొగకి మెలకువ వచ్చింది కాబట్టి మనుషులు దక్కారు.

ఫిల్టర్ కడుక్కోవడం, సర్వీసింగ్ లాంటివి అందరూ చెప్పేవే. నేను చెప్పేది ఒక్కటే: ఎంసీబీ పడుతోందని దాని బదులు పెద్దది వేయించకండి.

ఎంసీబీ గోడలోని వైరుకి కాపలా. వైరు ఎంత మోయగలదో చూసి ఎంసీబీ సైజు పెడతారు, ఏసీ ఎన్ని టన్నులో చూసి కాదు. 32 ఆంప్స్ ఎంసీబీ 36 ఆంప్స్ లాగినా గంటసేపు పడకుండా ఉండేలాగే తయారవుతుంది. 46 ఆంప్స్ లాగినప్పుడు కూడా వెంటనే పడాలని లేదు, గంటలోపు పడితే చాలు. లోపల ఉన్నది ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరైతే అంతసేపు ఆ కరెంటుని తట్టుకోలేదు. మామూలు వైరు పీవీసీ తొడుగు ఓర్చుకునేది 70 డిగ్రీల వరకే. మే నెలలో పడమటి ఎండ పడే గోడలో ఆ వేడికి సగం దూరం ముందే వెళ్లిపోయి ఉంటుంది. పైగా కరెంటు ఒకటిన్నర రెట్లు పెరిగితే వైరులో వేడి రెండుంబావు రెట్లు పెరుగుతుంది.

టన్నున్నర ఏసీ నడిచేటప్పుడు లాగేది ఏడెనిమిది ఆంప్స్. మరి 16 ఎంసీబీ ఎందుకు పడుతోంది? అడగాల్సింది ఇదీ. నేను చూసినంతలో కారణం ఎక్కువగా లైన్‌లోనే ఉంటుంది. పాత ఇళ్లలో ఏసీ పాయింట్‌ని గీజర్ లైన్ నుంచో, వంటింటి ప్లగ్గుల లైన్ నుంచో లాగేస్తారు. టన్ను ఏసీతో ఎలాగో నెట్టుకొచ్చిన లైన్, ఏసీ పెద్దదైతే చేతులెత్తేస్తుంది. మీ ఇంట్లో సంగతి తెలుసుకోవడం తేలికే. ఏసీకి వెళ్లే ఎంసీబీ ఒక్కటి దించి ఇల్లంతా తిరగండి. ఏసీతో పాటు ఇంకేదైనా ఆగిందా? అయితే ఆ లైన్ ఏసీ ఒక్కదానిదే కాదు.

రెండో కారణం ఎంసీబీ దగ్గర లూజు స్క్రూ, అక్కడ పుట్టే వేడికే అది పడిపోతుంది. సాకెట్‌లో స్క్రూ లూజైనా ప్రమాదమే. ఏసీ అరగంట నడిచాక స్విచ్ ఆపి, ప్లగ్గు బయటికి తీసి చూడండి. పిన్ను పట్టుకోలేనంత వేడిగా ఉన్నా, సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ ఉన్నా ఆ పాయింట్ మార్చాల్సిందే. మచ్చ న్యూట్రల్ వైపు కూడా రావచ్చు, ఫేజ్ వైపు ఒక్కటే చూసి వదిలేయకండి.

ఇక కొత్త ఏసీ ఇంటికి రాకముందే చేయించాల్సినవి:

టన్నున్నరకైనా, రెండు టన్నులకైనా మెయిన్ బోర్డు నుంచి నేరుగా వేరే లైన్. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి 20 ఆంప్స్ సి కర్వ్ (ఏసీ మొదలయ్యేటప్పుడు క్షణంపాటు ఎక్కువ లాగినా పడని రకం) ఎంసీబీ.

న్యూట్రల్ కూడా అదే మందం. ఫేజ్ ఒక్కటే కొత్తది లాగి పాత న్యూట్రల్ ఉంచేస్తామంటే ఒప్పుకోకండి.

గోడ పైపులో అతుకులు వద్దు. టేపు చుట్టిన అతుకు అసలే వద్దు.

పాత అల్యూమినియం వైరుకి రాగి వైరు మెలిపెట్టి కలపనివ్వకండి.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఏసీ పెట్టకండి.

స్టెబిలైజర్ కొంటే వైరింగ్ అక్కర్లేదనుకోకండి. వోల్టేజీ తగ్గినప్పుడు దాన్ని పెంచి ఇవ్వడానికి అది గోడ నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది.

సాకెట్‌లో న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపి ఉంటే ఆ నిమిషమే తీయించండి. న్యూట్రల్ తెగితే ఏసీ బాడీ మొత్తం షాక్ కొడుతుంది.

ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్, 30 మిల్లీ ఆంప్స్‌ది పెట్టించండి. అది షాక్ నుంచి కాపాడుతుంది, ఓవర్‌లోడ్‌ని ఆపదు. దానికి ఎంసీబీయే కావాలి, అదీ వైరుకి తగ్గదే.

కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన లోడ్) చూడండి. చాలకపోతే పెంచమని అప్లికేషన్ పెట్టండి.

పని అయ్యాక మీరే దగ్గరుండి ఎంసీబీ మీద అంకె చదవండి. సి20 అని ఉండాలి. సి32 ఉంటే తీయించండి, తీసేదాకా డబ్బులివ్వకండి.

కాలిన వాసన వస్తే ముందు మెయిన్ ఆపండి. నీళ్లు కొట్టకండి. పొగ ఆగలేదా, పిల్లల్ని, పెద్దవాళ్లని బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ లైన్ మొత్తం విప్పి చూసేదాకా ఎంసీబీని మళ్లీ పైకి లేపకండి.