బీరువాలోని పుస్తకాలు పిల్లల చేతికి: బడి గ్రంథాలయం చూసే ఉపాధ్యాయులకు ఒక మార్గదర్శిని

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ, జిల్లా పరిషత్ పాఠశాలల్లో గ్రంథాలయం చాలా చోట్ల గ్రంథపాలకుడి చేతిలో ఉండదు. తెలుగు పండితుడికో, సోషల్ టీచరుకో, బదిలీపై కొత్తగా వచ్చి కాదనలేకపోయిన వారికో దానిని అదనపు బాధ్యతగా అప్పగిస్తారు. అలా బాధ్యత స్వీకరించిన వారికి సాధారణంగా అందేవి మూడు: ఒక తాళంచెవి, అట్ట ఊడిన స్టాక్ రిజిస్టరు, ఎప్పుడు ఎవరు పంపారో తెలియని పుస్తకాల కట్టలు. ఈ మూడింటితో మొదలుపెట్టి పుస్తకాలను పిల్లల దాకా చేర్చడం ఎలాగో, కొత్త పుస్తకాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఉచితంగా దొరికేవి ఏవో, ఈ రంగంలోని సమాచారం క్రమంగా తెలుసుకోవడానికి ఎటు చూడాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

మొదటి పని రిజిస్టరు సరిచేసుకోవడం. బడిలో పుస్తకాలు బీరువా దాటి రాకపోవడానికి ఉపాధ్యాయుల నిర్లక్ష్యం కంటే భయమే పెద్ద కారణమని నా అభిప్రాయం. ఒక్క పుస్తకం పోయినా ఆడిట్‌లో తమ మీదికి వస్తుందేమోనన్న భయం ఉన్నంత కాలం ఎన్ని పథకాలు వచ్చినా తాళం తెరుచుకోదు. కనుక బాధ్యత తీసుకునే రోజునే, పాత ఇన్‌ఛార్జి సమక్షంలో, ఉన్న పుస్తకాలను రిజిస్టరుతో సరిచూసి, లేనివాటి జాబితా విడిగా రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, ప్రధానోపాధ్యాయుల సంతకం కూడా తీసుకోండి. ఈ ఒక్క కాగితం లేకపోతే పదేళ్ల కిందట పోయిన పుస్తకానికి కూడా మీరే సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

రిజిస్టరు పాడైపోయి ఉంటే కొత్తది మొదలుపెట్టండి. అందులో తేదీ, ప్రవేశ సంఖ్య (పుస్తకం చేరిన వరుసలో దానికిచ్చే సంఖ్య), రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, పేజీలు, వెల, ఎలా వచ్చింది (కొనుగోలా, ప్రభుత్వ సరఫరానా, దాత ఇచ్చినదా), బిల్లు సంఖ్య, చివరగా రిమార్కులు అనే గడులు ఉంటే చాలు. పాత పుస్తకాలకు పాత సంఖ్యలనే కొనసాగించండి. కొత్తవాటికి వరుస తెగకుండా తర్వాతి సంఖ్యలు ఇవ్వండి. ఒకే పుస్తకం ఐదు ప్రతులు వస్తే ఐదు సంఖ్యలు పడాలి. బడి ముద్రను లోపలి పేరు పుటపైన ఒకసారి, మీరు ముందే నిర్ణయించుకున్న మరో పేజీపైన (ఉదాహరణకు అన్ని పుస్తకాల్లోనూ 15వ పేజీ) ఇంకోసారి వేయండి. అట్ట, మొదటి పేజీలు చిరిగిపోయిన పుస్తకం రెండేళ్ల తర్వాత దొరికినా మనదేనని గుర్తుపట్టడానికి ఆ రెండో ముద్ర పనికొస్తుంది.

పోయిన పుస్తకాల విషయంలో కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళి (2017)లోని 215వ నియమం ఏమంటుందో ప్రతి ఇన్‌ఛార్జీ తెలుసుకోవాలి. పాఠకులకు ఇచ్చిన లేదా వారు సంప్రదించిన ప్రతి 1,000 పుస్తకాలకు ఏడాదిలో 5 పోవడం సహజమేనని, అందులో మోసం గానీ అజాగ్రత్త గానీ లేకపోతే చాలునని అది చెబుతుంది. వెల రూ.1,000 దాటిన పుస్తకం, వెలతో నిమిత్తం లేకుండా అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పనిసరి. 20,000 పుస్తకాలకు మించని గ్రంథాలయంలో ఏటా పూర్తి తనిఖీ జరగాలని కూడా అదే నియమం అంటుంది. ఈ నియమావళి నేరుగా వర్తించేది కేంద్ర సంస్థలకే. రాష్ట్ర పాఠశాలలు తమ శాఖ ఉత్తర్వులనే పాటించాలి. అయినా పుస్తకం వాడితే కొంత నష్టం తప్పదని ప్రభుత్వమే రాతపూర్వకంగా ఒప్పుకున్న సంగతిని ప్రధానోపాధ్యాయుల ముందు, పాఠశాల యాజమాన్య కమిటీ ముందు ఉంచి, మీ బడిలో పోయిన పుస్తకానికి ఏం చేయాలో ఒక తీర్మానం రాయించుకోండి. పోగొట్టిన పిల్లల చేత వెల కట్టించడం కంటే పోయిన పుస్తకాల జాబితాను ఏడాదికోసారి కమిటీలో చదివి రిమార్కుల గడిలో తీర్మానం తేదీ వేయడం మంచిది. కూలి పనులకు వెళ్లే ఇంటి నుంచి వచ్చే పిల్లవాడు ఒకసారి జరిమానా కట్టాడంటే మళ్లీ ఆ గది గడప తొక్కడు.

రిజిస్టరు అయ్యాక పుస్తకాలను వేరుచేయండి. కాలం చెల్లిన సిలబస్ గైడ్లు, పాత ప్రశ్నపత్రాల సంపుటాలు, చెదలు తిన్నవి పక్కకు తీయండి. వాటిని తొలగించడానికి ప్రధానోపాధ్యాయుల అనుమతి కావాలి గానీ అటక మీద పెట్టడానికి అక్కర్లేదు. మిగిలినవాటికి డ్యూయీ దశాంశ వర్గీకరణ (విషయాన్ని బట్టి పుస్తకానికి అంకెలు వేసే పద్ధతి) వేయాలా అని చాలామంది అడుగుతారు. వెయ్యి పుస్తకాల లోపు ఉన్న బడికి అది అవసరం లేదు. కథలు, జంతువులు, విజ్ఞానం, జీవిత చరిత్రలు, పద్యాలు వంటి ఏడెనిమిది విభాగాలు చేసి ఒక్కో దానికి ఒక్కో రంగు కాగితం వెన్నుకు అంటిస్తే ఆరో తరగతి పిల్లలే తిరిగి సర్దగలుగుతారు. పలచటి బొమ్మల పుస్తకాలను మాత్రం వెన్ను కనబడేలా అలమరలో ఇరికించకండి, ఎందుకంటే వాటికి చదవదగిన వెన్నే ఉండదు. గోడకు రెండు మేకులు కొట్టి తాడు కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో అట్ట కనబడేలా వేలాడదీయండి.

ఇక డబ్బు. 2018లో మొదలైన సమగ్ర శిక్ష పథకం కింద పాఠశాల స్థాయిని బట్టి రూ.5,000 నుంచి రూ.20,000 వరకు వార్షిక గ్రంథాలయ గ్రాంటుకు వీలుంది. ఈ డబ్బు వచ్చినప్పుడు వ్యవధి తక్కువగా ఉంటుంది: ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఖర్చుచేసి బిల్లులు పెట్టాలనే ఒత్తిడిలో దగ్గరి దుకాణంలో దొరికిన కట్ట కొనేయడం పరిపాటి. కాబట్టి జూన్‌లోనే ఒక నోటుపుస్తకం గ్రంథాలయం గది గుమ్మం దగ్గర వేలాడదీసి, పిల్లలు అడిగి దొరకని పుస్తకాలనూ విషయాలనూ అందులో వారి చేతనే రాయించండి. డిసెంబరు నాటికి ఆ జాబితాను మీరు వెలలతో సహా సిద్ధం చేసుకుంటే, గ్రాంటు జనవరిలో వచ్చినా మార్చిలో వచ్చినా తడుముకోనక్కర్లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదులోనూ విజయవాడలోనూ జరిగే పుస్తక ప్రదర్శనలు ఈ పనికి ఎంతో అనువైనవి. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని అక్షరాల పరిమాణం, కుట్టు చూసి మరీ ఎంచుకోవచ్చు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు తెలుగులో తెచ్చిన పిల్లల పుస్తకాలు తక్కువ వెలకు దొరుకుతాయి. హైదరాబాదులోని మంచి పుస్తకం సంస్థ ప్రచురణలు, తెలుగు ఇంగ్లిషు రెండు భాషల్లో పక్కపక్కనే పాఠం ఉండే తూలిక పుస్తకాలు చిన్న తరగతులకు బాగా పనికొస్తాయి.

గ్రాంటు రాని ఏడాది కూడా గ్రంథాలయం పెరగవచ్చు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు చాలా ఉన్నాయి. అవి నాలుగు స్థాయిల్లో ఉంటాయి: మొదటి స్థాయి కథలు దాదాపు 250 పదాల లోపు, రెండోవి 600 లోపు, మూడోవి 1,500 లోపు, నాలుగోవి అంతకు మించి. ఎనిమిదో తరగతిలో ఉండి కూడా కూడబలుక్కుని చదివే పిల్లలకు మొదటి రెండు స్థాయిలు ఇవ్వడానికి సంకోచించకండి. చిన్నపిల్లల పుస్తకమని వారు చిన్నబుచ్చుకోకుండా, ఒకటో తరగతి వారికి చదివి వినిపించే పని అప్పగిస్తే అదే కథను నాలుగు సార్లు సాధన చేస్తారు. ఈ కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో (హక్కుదారే ముందుగా అనుమతి ఇచ్చే పద్ధతి) ఉన్నాయి కనుక ముద్రించుకోవచ్చు, అనువదించుకోవచ్చు. రచయిత, చిత్రకారుడు, ప్రచురణకర్తల పేర్లు ఉన్న చివరి పేజీని మాత్రం తీసేయకూడదు.

ముద్రించి కుట్టే పద్ధతి ఇది. ప్రింటరు ఎంపికల్లో బుక్‌లెట్ అన్నది ఎంచుకుని ఏ4 కాగితానికి రెండు వైపులా ముద్రిస్తే 16 పేజీల కథకు నాలుగు కాగితాలు సరిపోతాయి. వాటిని వరుసగా పేర్చి సగానికి మడిచి, మడత గీత మీద మధ్యలో ఒకటి, పైనా కిందా ఒక్కొక్కటి చొప్పున మూడు రంధ్రాలు దబ్బనంతో పొడవండి. దుప్పట్లు కుట్టే లావు దారాన్ని లోపలి నుంచి మధ్య రంధ్రం గుండా బయటికి తీసి, పై రంధ్రం గుండా లోపలికి, అక్కడి నుంచి మధ్య రంధ్రాన్ని వదిలేసి కింది రంధ్రం గుండా బయటికి, మళ్లీ మధ్య రంధ్రం గుండా లోపలికి తెచ్చి, లోపల నిలువుగా పడిన దారం మీదుగా రెండు కొసలను ముడివేయండి. స్టేపుల్ పిన్నులు సులువే గానీ వానాకాలం గడిచేసరికి తుప్పు పట్టి, మధ్య కాగితం ఊడి వస్తుంది. పాత క్యాలెండరు అట్టలు ఈ పుస్తకాలకు చక్కటి కవర్లవుతాయి. ఇవి పోయినా ఎవరూ అడగరు కాబట్టి ఇళ్లకు పంపడం వీటితోనే మొదలుపెట్టవచ్చు.

ఉచితంగా కనిపించినదంతా ముద్రించుకోవచ్చని అనుకోకూడదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు గడిస్తే గానీ రచన మీద హక్కు తీరదు. 1915లో మరణించిన గురజాడ రచనలకు ఇబ్బంది లేదు. కానీ వాటికి ఇటీవలి చిత్రకారుడు వేసిన బొమ్మలకు హక్కు వేరుగా ఉంటుంది. ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌లోని పాఠాలు ఈ లెక్కలు చూసే పెడతారు గనుక గోడపత్రికకు, ప్రార్థనలో చదివించడానికి అక్కడి నుంచి తీసుకోవచ్చు.

తెర మీద చదివే వీలున్న బడులకు నేషనల్ బుక్ ట్రస్టు ఆధ్వర్యంలో నడిచే రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ ఉంది. అందులో పాఠ్యేతర పుస్తకాలను వయసుల వారీగా విభజించి ఉచితంగా అందిస్తున్నారు. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం పిల్లల కంటే ఉపాధ్యాయులకే ఎక్కువ అక్కరకొస్తుంది. చూపు లేని లేదా ముద్రిత అక్షరం చదవలేని పిల్లలు మీ బడిలో ఉంటే అలాంటి వారి కోసమే 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో వారి పేరు నమోదు చేయించండి. ఈ సదుపాయం ఉన్న సంగతి తెలియక ఆ పిల్లలను గ్రంథాలయ పీరియడ్‌లో ఊరికే కూర్చోబెడుతున్న బడులు ఉన్నాయి.

సమాచారం ఎక్కడి నుంచి వస్తుందన్నది తర్వాతి ప్రశ్న. ఉత్తర్వులు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చి రెండు రోజుల్లో కింద పడిపోతాయి. గ్రంథాలయానికి సంబంధించిన ప్రతి ఉత్తర్వునూ ముద్రించి ఒక ఫైలులో పెట్టండి. పథకం ముగిసినా అందులోని పని పనికిరాకుండా పోదు. 2022 జనవరి 1న కేంద్రం ప్రారంభించిన వంద రోజుల పఠన ఉద్యమానికి, బాలవాటిక నుంచి ఎనిమిదో తరగతి వరకు మూడు జట్లుగా విభజించి, వారానికొక కార్యక్రమం చొప్పున 14 వారాల పట్టిక ఇచ్చారు. ఆ పట్టికను ఈ ఏడాది కూడా యథాతథంగా వాడుకోవచ్చు. నేషనల్ బుక్ ట్రస్టుకు చెందిన జాతీయ బాలసాహిత్య కేంద్రం బడుల్లో పాఠకుల క్లబ్బులను ప్రోత్సహిస్తూ వాటి కోసం ఒక బులెటిన్ తెస్తుంది. అది హిందీ, ఇంగ్లిషుల్లో ఉంటుంది. పాఠశాల గ్రంథాలయాలపై అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 2015లో వెలువరించిన మార్గదర్శకాలను ఒకసారి చదివితే కమిటీ ముందు వాదించడానికి మాటలు దొరుకుతాయి, అంతకు మించి మన బడి గదికి నేరుగా సరిపోయేవి అందులో తక్కువే.

ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే దానిని వదలకండి. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున ప్రజలు కట్టే గ్రంథాలయ పన్నుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తాయి, అంటే మీ పిల్లల ఇళ్ల నుంచి డబ్బు ముందే వెళ్లింది. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు పోటీలలో పాల్గొనే పిల్లల కోసం ఆ గ్రంథపాలకులే బడుల వైపు చూస్తుంటారు. ఆ పరిచయాన్ని వారంతో ముగించకుండా, నెలకోసారి ఒక తరగతిని అక్కడికి తీసుకువెళ్లే ఏర్పాటును ప్రధానోపాధ్యాయుల పేరిట లేఖ రాసి ఖాయం చేసుకోండి. ఆగస్టు 12న గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ జయంతిని, ఏప్రిల్ 2న బాలల పుస్తక దినాన్ని జరపాలంటే కూడా వారి సాయం అడగవచ్చు; అయితే ఏప్రిల్‌లో పరీక్షల హడావిడి ఉంటుంది కనుక రెండోది చిన్న తరగతులకే పరిమితం చేయడం మేలు.

వార్షిక తనిఖీని మార్చిలో చేసి, వేసవి సెలవులకు పుస్తకాలను మళ్లీ ఇళ్లకు పంపండి. మూసి ఉన్న గదిలో చెదలు, తేమ చేసే నష్టం పిల్లలు చేసే నష్టం కంటే ఎక్కువ. మిగిలినవాటిని గోడకు జానెడు ఎడంగా, నేలకు ఆనకుండా ఉంచి, ఎండిన వేపాకు పెట్టి, మే నెలలో ఒకసారైనా గది తెరిపించండి. పదో తరగతి వారి పుస్తకాలను హాల్ టికెట్లు ఇచ్చే నాటికే తీసుకోవాలి. పరీక్షలయ్యాక వారు బడికి రారు. పుస్తకం ఇవ్వలేదని టీసీ ఆపే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. ఎనిమిదో తరగతి లోపు పిల్లల విషయంలో 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం టీసీ వెంటనే ఇచ్చి తీరాలి, జాప్యం చేసిన ప్రధానోపాధ్యాయులపై క్రమశిక్షణ చర్యకు వీలుంది. అలాంటి పుస్తకాన్ని పోయిన పుస్తకాల జాబితాలో రాసి తర్వాతి కమిటీ సమావేశం ముందు పెట్టండి.