సివిలైజేషన్ 6లో పొరుగు రాజ్యంతో మెలగడం ఎలా

రాజ్యాన్ని కట్టి పెంచే కంప్యూటర్ వ్యూహ ఆట సివిలైజేషన్ 6 ఆడేవారు తరచుగా చేసే ఫిర్యాదు ఒకటుంది: నిన్నటిదాకా నవ్వుతూ పలకరించిన పొరుగు నాయకుడు ఏ కారణమూ లేకుండా యుద్ధం ప్రకటించాడని. కారణం లేకపోవడం చాలా అరుదు. కంప్యూటర్ నడిపే నాయకుడికి అలకలూ ఆవేశాలూ ఉండవు. అతని వైఖరి వెనుక ఒక కూడిక ఉంటుంది, అందులో చాలా భాగం మనకు కనిపించేలా ఆటే ప్రతి టర్న్‌లోనూ (వంతులోనూ) తెర మీద ఉంచుతుంది. ఇక్కడ రాసేదంతా 2016లో వచ్చిన మూల ఆటకు 2018 నాటి రైజ్ అండ్ ఫాల్, 2019 నాటి గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణలు కలిపి, స్టాండర్డ్ వేగంలో ఆడేవారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

మొదట అలవాటు చేసుకోవలసింది నాయకుడి బొమ్మ మీద నొక్కి, సంబంధాల పేజీలో కారణాల జాబితా చదవడం. ఒక్కొక్క కారణం పక్కన కూడిక గుర్తుతోనో తీసివేత గుర్తుతోనో ఒక అంకె ఉంటుంది. రాయబారిని పంపినందుకు కొంత కలుస్తుంది, ఆ నాయకుడి అజెండాకు, అంటే అతనికి ఆట నిర్ణయించిన ఇష్టాయిష్టాలకు, విరుద్ధంగా నడుచుకున్నందుకు కొంత తగ్గుతుంది. బొమ్మ ముఖంలోని చిరునవ్వు కన్నా ఈ మొత్తం ఎటు జరుగుతున్నదో చూడటం ముఖ్యం. పది టర్న్‌లకు ఒకసారి పొరుగువారందరి జాబితాలూ చూసుకొంటే చాలు, చాలా యుద్ధాలు మొదలుకాకముందే కనిపిస్తాయి.

పొరుగువాడితో తొలిసారి ఎదురుపడిన టర్న్‌లోనే 25 బంగారం ఇచ్చి డెలిగేషన్ (దూతల బృందం) పంపాలి. ఈ పనిని వాయిదా వేయకూడదని గట్టిగా చెబుతాను, ఎందుకంటే పరిచయమైన క్షణంలో అతని వైఖరి ఇంకా తటస్థంగా ఉంటుంది కాబట్టి సాధారణంగా స్వీకరిస్తాడు; నాలుగు టర్న్‌లు గడిచి, మన సైన్యమో భూమో అతని అజెండాకు నచ్చలేదని తేలిన తరువాత అదే డెలిగేషన్‌ను తిప్పి పంపేస్తాడు. రైటింగ్ విద్య వచ్చాక డెలిగేషన్ స్థానంలో 50 బంగారంతో రాయబార కార్యాలయం పెట్టవచ్చు. వీటి వల్ల కలిసే స్నేహం ఎంత ముఖ్యమో, పెరిగే దౌత్య సమాచార స్థాయి అంతకన్నా ముఖ్యం. ఆ స్థాయి పెరిగేకొద్దీ అతని రహస్య అజెండా బయటపడుతుంది. యుద్ధమే వస్తే, అతనికి మన గురించి తెలిసిన దానికన్నా మనకు అతని గురించి ఎక్కువ తెలిసిన ప్రతి స్థాయికీ మన యూనిట్లకు (సైనిక దళాలకు) 3 చొప్పున బలం చేరుతుంది. అతని నగరానికి పంపిన ఒక వర్తకుడు కూడా ఈ స్థాయిని పెంచుతాడు.

ప్రతి నాయకుడికీ రహస్య అజెండా కాక చరిత్ర నుంచి తీసుకొన్న ఒక అజెండా ఉంటుంది, దాన్ని మొదటి నుంచే చదువుకోవచ్చు. గిల్గమేష్ తన మిత్రులను నిందించేవారినీ వారిపై దాడి చేసేవారినీ సహించడు, కానీ స్నేహానికి చాలా త్వరగా ఒప్పుకొంటాడు. పొరుగున అతను దొరకడం అదృష్టమే. క్లియోపాత్రా బలమైన సైన్యాన్ని గౌరవిస్తుంది, బలహీనులను చులకనగా చూస్తుంది కాబట్టి ఆమె పక్కన ఇద్దరు వారియర్లతో కాలక్షేపం చేయడం ప్రమాదం. ట్రేజన్‌కు విశాలమైన భూభాగం ఉన్నవారంటే ఇష్టం. చిన్ షి హువాంగ్ అద్భుత కట్టడాలను తన సొత్తుగా భావిస్తాడు, వాటిని పోటీపడి కట్టేవారంటే అతనికి గిట్టదు.

మన పాఠకులకు బాగా ఉపయోగపడే ఉదాహరణ చంద్రగుప్త మౌర్యుడు. రైజ్ అండ్ ఫాల్‌తో వచ్చిన ఈ నాయకుడికి తన నగరాలకు దగ్గరగా నగరాలు ఉన్నవారంటే పడదు, దూరంగా ఉన్నవారంటే ఇష్టం. ఆనుకొని ఉన్న రాజు సహజ శత్రువు, అతనికి అవతలి రాజు సహజ మిత్రుడు అనే కౌటిల్యుని మండల సిద్ధాంతాన్ని రూపకర్తలు ఇలా అంకెలలోకి దించారు. అతని ప్రత్యేక సామర్థ్యానికి పేరు కూడా అర్థశాస్త్రమే: మిలిటరీ ట్రైనింగ్ సివిక్ (విద్యల లాగే, సంస్కృతితో సాధించే మెట్టు) వచ్చాక భూవిస్తరణ యుద్ధం ప్రకటిస్తే, మొదటి 10 టర్న్‌లు అతని సైన్యానికి అదనంగా 2 కదలికలూ, 5 బలమూ లభిస్తాయి. ఇలాంటివాడు పొరుగున ఉన్నప్పుడు ఆ సివిక్ అతనికి అందకముందే సరిహద్దును సిద్ధం చేసుకోవాలి.

ఒక ఆటలో నేను అలా చేయలేదు. నదీ తీరం నచ్చి, 38వ టర్న్‌లో చంద్రగుప్తుని నగరానికి ఐదు గడుల దూరంలో నా మూడో నగరం పెట్టాను. మరుసటి టర్న్‌లో జాబితాలో ఒక కొత్త తీసివేత అంకె కనిపించింది, దాన్ని చూసి కూడా ఊరుకున్నాను. 46వ టర్న్‌లో అతను నన్ను బహిరంగంగా నిందించాడు. అప్పుడు ఆ నగరంలో నేను కడుతున్నది ధాన్యాగారం. కాపలా ఒక స్లింగర్ (వడిసెలతో రాళ్లు విసిరేవాడు), ఒక వారియర్. 51వ టర్న్‌లో యుద్ధం వచ్చింది, నదికి అవతల అడవి మాటున ముగ్గురు వారియర్లు, ఇద్దరు ఆర్చర్లు నాలుగైదు టర్న్‌లుగా నిలిచి ఉన్న సంగతి అప్పుడు అర్థమైంది. 55వ టర్న్‌కు నగరం పోయింది.

ఆ తేదీలను మళ్లీ చూడండి. నిందకూ యుద్ధానికీ మధ్య సరిగ్గా ఐదు టర్న్‌లు. ఆట నియమం అదే: నిందించిన ఐదు టర్న్‌ల తరువాత లాంఛనమైన యుద్ధం ప్రకటించే హక్కు వస్తుంది, దాని వల్ల మూటగట్టుకొనే చెడ్డపేరు ఆకస్మిక యుద్ధం కన్నా తక్కువ. అందుచేత ఎవరైనా మనల్ని నిందించిన టర్న్‌ను కాగితం మీద రాసుకొని, ఆ ఐదు టర్న్‌లనూ గోడకే కేటాయించాలి. మేసనరీ విద్యతో వచ్చే ప్రాచీన గోడ నగరాన్ని కాపాడటమే కాక, నగరం తానే శత్రువుపై బాణాలు వేయగలిగేలా చేస్తుంది. గోడ లేని నగరానికి ఆ శక్తి ఉండదు. గోడ వెనుక ఇద్దరు ఆర్చర్లు ఉంటే ప్రాచీన యుగపు దాడిలో చాలా వాటిని తిప్పికొట్టవచ్చు. స్లింగర్‌తో ఒక యూనిట్‌ను చంపితే ఆర్చరీ విద్య త్వరగా వస్తుంది కాబట్టి, మొదట్లో ఆటవికులతో పోరును ఆ పనికి వాడుకోవాలి.

నింద లేకుండా కూడా దాడి రావచ్చు. అందుకు ఆధారం అతని సరిహద్దు దగ్గరి కదలికలే. సెట్లర్ (కొత్త నగరం పెట్టే యూనిట్) వెంట నడిచే ఒక్క కాపలా యూనిట్ గురించి కంగారు పడనక్కరలేదు. రెండు మూడు టర్న్‌లుగా ముగ్గురు నలుగురు మన నగరం వైపే మోహరించి కదలకుండా ఉంటే మాత్రం దాన్ని నమ్మాలి. మన సైన్యాన్ని సరిహద్దుకు దగ్గరగా పెడితే అతనూ ఫిర్యాదు చేస్తాడు, వెనక్కి తీసుకొంటామని మాట అడుగుతాడు. నిజంగా వెనక్కి తీసుకొనే ఉద్దేశం ఉంటేనే మాట ఇవ్వాలి, తప్పితే ఆ మనస్తాపం గ్రీవెన్సుల (మనపై ఫిర్యాదుల) ఖాతాలో అంకెగా చేరి ఇతర నాయకుల దృష్టిలో కూడా మనల్ని దిగజారుస్తుంది.

సరిహద్దుల మూసివేత గురించి కూడా తెలిసి ఉండాలి. ఎర్లీ ఎంపైర్ సివిక్ సాధించేవరకు ఏ రాజ్యపు భూభాగంలోనికైనా ఎవరైనా నడిచి వెళ్లవచ్చు. సాధించిన వెంటనే ఆ రాజ్యపు సరిహద్దు మూసుకొంటుంది, అప్పటికి లోపల ఉన్న పరాయి యూనిట్లు బయటకు నెట్టబడతాయి. కాబట్టి స్కౌట్‌తో పొరుగు దేశం లోపలి భాగాన్ని అంతకుముందే చూసి రావాలి. తరువాత 30 టర్న్‌ల ఒప్పందంతో దారి తెరిపించుకోవాలి; వర్తకులకు, మత యూనిట్లకు మాత్రం ఈ ఒప్పందం అక్కరలేదు. యుద్ధ ఆలోచన ఉన్న పొరుగువాడికి మనం దారి తెరవడం మంచిది కాదు, అతని సైన్యం మన నగరాల మధ్యకు వచ్చి నిలబడగలదు.

వీటన్నిటికన్నా గట్టి రక్షణ మైత్రి ప్రకటన. మైత్రిలో ఉన్న 30 టర్న్‌లు ఇరువైపులా ఎవరూ యుద్ధం ప్రకటించలేరు. ఇది మాట కాదు, ఆట నియమం. అందుకే జాబితాలోని మొత్తం స్నేహం వైపు మొగ్గిన టర్న్‌లోనే అడగాలి. తరువాతి ఆటలో మళ్లీ చంద్రగుప్తుడే పొరుగున పడినప్పుడు, తొలి టర్న్‌లో డెలిగేషన్ పంపి, నా సెట్లర్లను రెండో వైపుకు మళ్లించి, 31వ టర్న్‌లో మైత్రి సాధించాను. ఆ రోజే కాగితం మీద 61 అని రాసి పెట్టుకొని, ఆ టర్న్ రాగానే మళ్లీ అడిగాను. ఈ రెండో అడుగు మరిచిపోయేవారే ఎక్కువ. గడువు ముగిసిన నాయకుడు మరుసటి టర్న్ నుంచే మనపై దాడికి స్వేచ్ఛ ఉన్నవాడు.

మనకు దగ్గరగా అతనే నగరం పెట్టినప్పుడు వెంటనే కత్తి దూయనక్కరలేదు. రైజ్ అండ్ ఫాల్ నుంచి ప్రతి నగరానికీ 100 వరకు విధేయత ఉంటుంది, 9 గడుల లోపు ఉన్న నగరాల జనాభా దాన్ని తమ వైపు లాగుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది. మన పెద్ద నగరాల మధ్య దూరి పెట్టిన చిన్న నగరం విధేయత సున్నాకు చేరి స్వతంత్ర నగరంగా మారి, తరువాత ఒక్క బాణం వేయకుండానే మన చేతికి రావచ్చు. ఇదే లెక్క మనకూ వర్తిస్తుంది: పొరుగువాడి నగరాల పక్కన స్థిరపడక తప్పకపోతే, అక్కడికి గవర్నర్‌ను పంపితే 8 విధేయత కలుస్తుంది, కానీ చాలామంది గవర్నర్లు కొలువు తీరడానికి 5 టర్న్‌లు పడుతుంది కాబట్టి నగరం పెట్టిన టర్న్‌లోనే పంపాలి.

యుద్ధం తప్పనిసరి అయినా మొదటి 10 టర్న్‌లు సంధి కుదరదని గుర్తుంచుకొని, అన్నాళ్లు నగరం నిలబడేలా ఏర్పాటు చేసుకోవాలి. సంధి జరిగాక మరో 10 టర్న్‌లు ఎవరూ ఎవరిపైనా దాడి చేయలేరు. ఆ పదింటిలో పాడైన గోడను బాగుచేయించి, సరిహద్దు నగరంలో ఒక ఆర్చర్‌ను ఉంచి, కారణాల జాబితా మళ్లీ తెరిచి ఏ అంకె ఇంకా మనకు వ్యతిరేకంగా ఉన్నదో చూసుకోవాలి.