టీవీకి కంప్యూటర్ కలిపాక వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

టీవీ తనకు అందే ప్రతి బొమ్మనూ సినిమాయో క్రికెట్ మ్యాచో అనుకుంటుంది. అంచులు కాస్త కత్తిరిస్తుంది, గీతలకు పదును పెడుతుంది, రంగుల వివరాలు తగ్గిస్తుంది, కదలికను నునుపు చేస్తుంది. సినిమాకు అవి సరిపోతాయి, ఎక్సెల్ షీటుకు పనికిరావు. కింద చెప్పే చిక్కులు చాలావరకు ఇక్కడే పుడతాయి. అందుకే ఏ లక్షణం కనిపించినా ముందు ఈ ఒక్క పని చేయండి: వచ్చేది కంప్యూటర్ సిగ్నల్ అని టీవీకి చెప్పండి.

శాంసంగ్ టీవీలో సోర్స్ జాబితా తెరిచి, కంప్యూటర్ పెట్టిన హెచ్‌డీఎంఐ మీద ఎడిట్ నొక్కి, పేరుగా ‘పీసీ’ ఎంచుకోవాలి. ఎల్‌జీలో హోమ్ డ్యాష్‌బోర్డ్‌కి వెళ్లి ఆ ఇన్‌పుట్ ఐకాన్‌ను పీసీగా మార్చాలి. ఐకాన్ అలాగే ఉంచి మనకు నచ్చిన పేరు టైప్ చేస్తే ఏ మార్పూ రాదు, జాబితాలో ఉన్న పీసీనే ఎంచుకోవాలి. సోనీలో పిక్చర్ మోడ్ ‘గ్రాఫిక్స్’ పెట్టాలి. మిగతా బ్రాండ్లలో పిక్చర్ మోడ్ కింద పీసీ ఉందేమో చూడండి, లేకపోతే గేమ్ పెట్టండి. ఇది చేసి కూడా చిక్కు పోకపోతే కిందికి రండి.

‘నో సిగ్నల్’ అంటోంది

రిమోట్‌లో సరైన హెచ్‌డీఎంఐ నంబరు ఎంచుకున్నారా అన్నది మొదటి ప్రశ్న. డెస్క్‌టాప్ అయితే వెనక్కి వెళ్లి చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో, పైభాగాన యూఎస్‌బీ పోర్టుల పక్కనున్న మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి వైరు పెడితే చాలాసార్లు బొమ్మ రాదు. కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టులోనే పెట్టాలి. ల్యాప్‌టాప్ అయితే విండోస్ కీ, పి కలిపి నొక్కి డూప్లికేట్ లేదా ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. అప్పటికీ రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, తెర ఒక్కసారి నల్లబడి తిరిగొస్తుంది.

‘మోడ్ నాట్ సపోర్టెడ్’ అని వస్తే వైరు బాగానే ఉన్నట్టు. టీవీ తట్టుకోలేని రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా తెరమీది చుక్కల లెక్క) వెళ్తోందంతే. వేరే మానిటర్ పెట్టో సేఫ్ మోడ్‌లోనో 1920×1080, 60 హెర్ట్జ్‌కి (సెకనుకు 60 బొమ్మలు) దించండి.

బొమ్మ వచ్చి పోతూ, మధ్యమధ్య చుక్కలు మెరుస్తుంటే 1080కి తగ్గించి చూడండి. అక్కడ నిలకడగా ఉండి 4కేలోనే (3840×2160) పోతుంటే అనుమానించాల్సింది కేబుల్‌ని. 4కే 60 హెర్ట్జ్‌కి ‘ప్రీమియం హై స్పీడ్’ కేబుల్ కావాలి, పొడవు రెండు మూడు మీటర్లు దాటకుంటే మంచిది. 1080కి మామూలు కేబులే చాలు. బంగారు పూత ఉందని ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

టాస్క్‌బార్ సగం తెగిపోయింది, మూలలు కనిపించడం లేదు

దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. పిక్చర్ ట్యూబు టీవీల్లో అంచుల దగ్గర బొమ్మ సరిగా ఉండేది కాదు కాబట్టి, కాస్త పెద్దది చేసి ఆ అంచుల్ని ఫ్రేము వెనక దాచేవారు. ట్యూబులు పోయినా ఆ అలవాటు మాత్రం ఎల్‌సీడీల్లోకీ వచ్చేసింది.

మందు టీవీలోనే ఉంటుంది: జూమ్, యాస్పెక్ట్ రేషియో లేదా పిక్చర్ సైజ్ మెనూలో. ఎల్‌జీలో ‘జస్ట్ స్కాన్’, శాంసంగ్‌లో ‘స్క్రీన్ ఫిట్’ లేదా ‘ఫిట్ టు స్క్రీన్’, సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద ‘ఫుల్ పిక్సెల్’, షార్ప్‌లో ‘డాట్ బై డాట్’. పేరు ఏదైనా పని ఒకటే: కంప్యూటర్ పంపిన ఒక్కో చుక్కనూ తెరమీది ఒక్కో చుక్కకే ఇవ్వడం.

గ్రాఫిక్స్ డ్రైవర్‌లోకి వెళ్లి డెస్క్‌టాప్‌ను కుదించి సరిపెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. టీవీలో ఆ ఆప్షన్ అసలు లేనప్పుడే ఆ పని చేయండి. కంప్యూటర్ కుదిస్తుంది, టీవీ మళ్లీ సాగదీస్తుంది, ఆ రెంటి మధ్యా అక్షరాలు పాడవుతాయి.

దీనికి ఉల్టా చిక్కు కూడా ఉంది: చుట్టూ నల్లటి పట్టీ వదిలి బొమ్మ చిన్నగా రావడం. ఇది ఏఎండీ కార్డుల్లో ఎక్కువ. ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే కింద ‘హెచ్‌డీఎంఐ స్కేలింగ్’ స్లైడర్‌ను 0 శాతానికి తెస్తే సరిపోతుంది.

అక్షరాలు మసకగా ఉన్నాయి

అందరూ ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఇదే. కారణాలు నాలుగు, అవి కళ్లకు కనిపించే తీరు కూడా వేరువేరు. అందుకే సెట్టింగులు ఇష్టమొచ్చినట్టు తిప్పకుండా ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. పెయింట్ తెరిచి, నల్ల రంగు నింపి, పక్కపక్కనే రెండు మాటలు 10 సైజులో రాయండి, ఒకటి తెలుపులో, ఒకటి ఎరుపులో. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలతో ఇంకో మాట కూడా రాయండి. తెరకు అరచేయంత దూరంలో ముఖం పెట్టి చూడండి.

తెల్ల మాట స్పష్టంగా ఉండి, ఎర్ర మాట అలుక్కుపోయినట్టు, నిలువు గీతలు వెలవెలబోయినట్టు కనిపిస్తే రంగుల వివరాలు తగ్గిపోతున్నాయని అర్థం. వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కీ (తెరమీది ఒక్కో చుక్కకీ) ఉంటుంది, రంగు మాత్రం 4:2:2లో రెండు పిక్సెళ్లకు ఒకటి, 4:2:0లో నాలుగింటికి ఒకటి చొప్పున అందుతుంది. కావాల్సింది 4:4:4 లేదా ఆర్‌జీబీ, అంటే ప్రతి పిక్సెల్‌కీ దాని రంగు దానికే. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసగా తెరిస్తే ‘కలర్ ఫార్మాట్’ అని కనిపిస్తుంది. అక్కడ 420 అనో 422 అనో ఉంటే ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ కంట్రోల్ ప్యానెల్‌లో ఆర్‌జీబీకి మార్చండి. అక్కడ ఆర్‌జీబీ అనే ఉండి కూడా ఎరుపు అలుక్కుపోతుంటే, టీవీ తన లోపల రంగులు తగ్గిస్తోందన్నమాట. దానికి మొదట్లో చెప్పిన పీసీ మోడే విరుగుడు.

నల్ల అక్షరాల చుట్టూ సన్నటి తెల్ల గీత కనిపిస్తే షార్ప్‌నెస్ ఎక్కువైంది. తగ్గించాలి, కానీ అన్ని టీవీల్లోనూ సున్నాకు కాదు. సోనీలో 50 దగ్గర తటస్థం, ఇంకా కిందికి దించితే కావాలని మసక చేసినట్టే. ఆ తెల్ల గీత మాయమయ్యే అంకె దగ్గర ఆగండి.

అన్ని రంగుల మాటలూ ఒకేలా మెత్తగా కనిపిస్తే రిజల్యూషన్ కుదరలేదు. అదే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలో ‘డెస్క్‌టాప్ మోడ్’, ‘యాక్టివ్ సిగ్నల్ మోడ్’ అని రెండు వరుసలుంటాయి. రెండూ ఒకటే కావాలి, ఆ అంకె టీవీ ప్యానెల్ అసలు రిజల్యూషన్ కావాలి. చివర 1080ఐ అని ఉంటే 1080పీకి మార్చండి. ఐ రకంలో ఒకసారికి సగం గీతలే వస్తాయి, సన్నటి అడ్డగీతలు వణుకుతాయి.

అక్షరాలకు ఒక పక్క ఎర్రటి, మరో పక్క నీలి అంచు కనిపిస్తే, ప్యానెల్‌లో సబ్‌పిక్సెళ్లు (ఒక్కో పిక్సెల్‌లోని మూడు రంగుల గీతలు) ఎరుపు-ఆకుపచ్చ-నీలం బదులు తిరగేసి ఉన్నాయేమో. స్టార్ట్‌లో క్లియర్‌టైప్ అని వెతికి, అది చూపే నమూనాల్లో కంటికి హాయిగా ఉన్నవి ఎంచుకుంటూ పోండి.

32 అంగుళాల ‘హెచ్‌డీ రెడీ’ టీవీ, ఏం చేసినా స్పష్టత రావడం లేదు

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 32 అంగుళాల టీవీ ఇదే కాబట్టి దీన్ని విడిగా చెప్పుకోవాలి. దీని ప్యానెల్ 1366×768. చిక్కేమిటంటే హెచ్‌డీఎంఐ ద్వారా అది కంప్యూటర్‌కు 720, 1080 అనే చెప్పుకుంటుంది. ఏది పంపినా 768కి సరిపోదు, కుదించడమో సాగదీయడమో తప్పదు. టీవీకీ కంప్యూటర్‌కీ వీజీఏ పోర్టు ఉంటే అందులో 1360×768 ప్రయత్నించండి. చాలా టీవీలు దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తాయి. వీజీఏ లేకపోతే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో కస్టమ్ రిజల్యూషన్‌గా అదే అంకె ఇచ్చి చూడండి, టీవీ ఒప్పుకుంటే అదృష్టం. ఒప్పుకోకపోతే 1080 పంపి, విండోస్ స్కేల్ 150 శాతం పెట్టడమే మిగిలిన దారి.

అంతా సరిగ్గా కుదిరినా ఈ టీవీలో అంగుళానికి 49 పిక్సెళ్లే. 24 అంగుళాల మామూలు మానిటర్‌లో 92 ఉంటాయి. 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 69, 55 అంగుళాల 4కేలో 80, 43 అంగుళాల 4కేలో 102. బల్ల మీద పెట్టుకుని రోజంతా కోడ్ రాయడానికో టాలీ చేయడానికో అయితే వీటిలో 43 అంగుళాల 4కే ఒక్కటే నిజంగా పనికొస్తుంది. హెచ్‌డీ రెడీ టీవీని సోఫాలో కూర్చుని వీడియోలు చూడటానికి ఉంచుకుని, పనికి పాత మానిటర్ కొనుక్కోవడమే మేలు.

మౌస్ బరువుగా కదులుతోంది

రెండు వేర్వేరు జబ్బులు ఒకేలా కనిపిస్తాయి. మౌస్ కదిపాక బాణం కాస్త ఆగి కదిలితే అది టీవీ చేసే ప్రాసెసింగ్ ఆలస్యం. పీసీ లేదా గేమ్ మోడ్ పెట్టి, ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్ లాంటి కదలికను నునుపు చేసే సెట్టింగులు ఆపేయండి.

బాణం వెంటనే కదులుతున్నా అంగలు వేసుకుంటూ వెళ్తున్నట్టుంటే మీరు 30 హెర్ట్జ్‌లో ఉన్నారు. 4కే 60 హెర్ట్జ్ ఆర్‌జీబీకి 18 జీబీపీఎస్ (సెకనుకు 18 గిగాబిట్లు), అంటే హెచ్‌డీఎంఐ 2.0 కావాలి. 1.4లో 10.2 జీబీపీఎస్ మాత్రమే, దాంతో 4కే 30 దగ్గర ఆగుతుంది. దారిలో ఎక్కడ 1.4 ఉందో వెతకాలి. ముందు టీవీలోనే చూడండి. శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ఎల్‌జీలో ‘హెచ్‌డీఎంఐ డీప్ కలర్’, సోనీలో ‘ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్’ ఆ పోర్టుకు ఆన్ చేయకపోతే మంచి పోర్టు కూడా పాతదానిలా ప్రవర్తిస్తుంది. కొన్ని టీవీల్లో అన్ని పోర్టులూ 2.0 కావు, పోర్టు మార్చి చూడండి. తర్వాత ల్యాప్‌టాప్: కొన్నేళ్ల కిందటి చాలా మోడళ్లలో హెచ్‌డీఎంఐ 1.4యే. టైప్-సీ హబ్ వాడుతుంటే దాని డబ్బా మీద ‘4కే 30 హెర్ట్జ్’ అని ఉందేమో చూడండి, చవక హబ్‌లు చాలావరకు అవే. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ అయితే ‘యాక్టివ్’ రకం, 4కే 60 అని రాసినది కావాలి.

60 వచ్చింది కానీ ఎర్ర అక్షరాలు అలుక్కుపోయాయంటే సంతోషించకండి. అదే సన్నటి దారిలో 60ని ఇరికించడానికి రంగును 4:2:0కి తగ్గించారన్నమాట.

నలుపు బూడిదగా ఉంది, లేదా చీకటి సీన్లలో ఏమీ కనిపించడం లేదు

నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును చెప్పడానికి కంప్యూటర్ 0 నుంచి 255 దాకా అంకెలు వాడుతుంది. టీవీ లోకం 16 నుంచి 235. ఒకవైపు ఒకటి, మరోవైపు ఇంకొకటి ఉంటే నలుపు వెలిసిపోతుంది, లేదా ముదురు రంగులన్నీ నలుపులో కలిసిపోతాయి. ఎన్‌విడియాలో ‘అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్’ ఫుల్ పెట్టి, టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ లేదా వీడియో రేంజ్‌ను దానికి జోడుగా, అంటే అక్కడా 0-255 రకమే ఉండేలా పెట్టండి. విండోస్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే మోడ్) ఆన్ అయి ఉన్నా డెస్క్‌టాప్ వెలిసినట్టుంటుంది. విండోస్, ఆల్ట్, బి కలిపి నొక్కితే అది ఆగుతుంది.

తెల్ల పేజీ తెరిస్తే వెలుగు తగ్గడం, నల్ల పేజీకి పెరగడం జరుగుతుంటే ఎనర్జీ సేవింగ్, లైట్ సెన్సర్, డైనమిక్ కాంట్రాస్ట్, లోకల్ డిమ్మింగ్ ఒక్కొక్కటీ ఆపి చూడండి. దగ్గర కూర్చునేవాళ్లు బ్యాక్‌లైట్‌ను బాగా దించుకోవాలి, ఫ్యాక్టరీ వెలుగు హాల్లో దూరం నుంచి చూడటానికి పెట్టినది.

శబ్దం రావడం లేదు

టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి, అవుట్‌పుట్‌గా టీవీ పేరు ఎంచుకోండి. వీజీఏలో శబ్దం రాదు, 3.5 మిల్లీమీటర్ల ఆడియో వైరు విడిగా వేయాల్సిందే.

క్యాబినెట్‌నో టీవీ వెనక ఇనుమునో తాకితే జివ్వుమంటోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హెచ్‌డీఎంఐ పోర్టులు కాలిపోవడానికి ఇదొక కారణం. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో (లోపలి పవర్ సప్లై డబ్బా) ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ లీకేజీ నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230లో సగం, దాదాపు 115 వోల్టులు తేలుతుంటాయి. కరెంటు స్వల్పమే కాబట్టి చేతికి జివ్వుమంటుంది. కానీ హెచ్‌డీఎంఐ వైరు గుచ్చే క్షణంలో అదంతా పిన్నుల గుండా టీవీలోకి దూకుతుంది. టీవీకి కేబుల్ టీవీ వైరు కూడా తగిలించి ఉంటే దెబ్బ ఇంకా గట్టిగా పడొచ్చు.

మల్టీమీటర్‌తో సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే దాదాపు 230 రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. మీటరు వాడటం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అంకెలు తేడాగా వస్తే ఆయనతోనే ఎర్తింగ్ సరిచేయించండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో పెట్టొద్దు. కంప్యూటర్, టీవీ, సెట్‌టాప్ బాక్సు మూడూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకోండి. ఎర్త్ బాగయ్యేదాకా, హెచ్‌డీఎంఐ పెట్టినా తీసినా రెండు ప్లగ్గులూ గోడ నుంచి పీకి, కేబుల్ టీవీ వైరు కూడా విప్పి ఉంచండి.

టీవీ ఆపి మళ్లీ వేస్తే విండోలన్నీ చెల్లాచెదురవుతున్నాయి

టీవీ ఆగగానే మానిటర్ పోయిందని విండోస్ అనుకుంటుంది, ఉన్నవన్నీ రెండో తెర మీదికి నెడుతుంది. విండోస్ 11లో డిస్‌ప్లే సెట్టింగ్స్, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద విండోల చోటు గుర్తుంచుకునే ఆప్షన్ ఉంది, ఆన్ చేయండి. కంప్యూటర్ నిద్రపోతే మానిటర్‌లా టీవీ కూడా నిద్రపోతుందని అనుకోవద్దు. చాలా టీవీలు ‘నో సిగ్నల్’ చూపించి, కాసేపటికి తమంతట ఆగిపోతాయి, లేపడానికి రిమోట్ కావాలి.

ఓఎల్‌ఈడీ (ఒక్కో పిక్సెల్ తనంతట తానే వెలిగే రకం) టీవీ అయితే టాస్క్‌బార్‌ను ఆటో హైడ్‌లో పెట్టండి, వాల్‌పేపర్ నల్లగా ఉంచండి, ఐదు నిమిషాలకు తెర ఆగేలా చూడండి. రోజూ గంటల తరబడి ఒకేచోట కదలకుండా ఉన్న బొమ్మ ముద్ర పడితే ఇక పోదు. పని పూర్తయ్యాక టీవీని రిమోట్‌తో ఆపండి, స్విచ్‌బోర్డు దగ్గర వెంటనే ఆపేయకండి. రిమోట్‌తో ఆపాకే ఆ ప్యానెల్ తనను తాను సరిచేసుకునే పని నడుస్తుంది.