కమీషన్ మీద పనిచేసే బీమా ఏజెంట్లను ఎలా ఎంచుకోవాలి, ఎలా నిలబెట్టుకోవాలి?

ఏ జీవిత బీమా బ్రాంచిలోనైనా ఏజెంట్ల లిస్టు తీసి చూడండి. కోడ్ (ఏజెంటుగా పాలసీలు అమ్మడానికి కంపెనీ ఇచ్చే నంబరు) ఉన్నవాళ్లు చాలామంది కనిపిస్తారు, నెలనెలా ప్రపోజల్, అంటే కొత్త పాలసీ దరఖాస్తు, తెచ్చేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లంతా దాదాపు ఒకేలా ఆగిపోతారు: బావగారి చేత ఒకటి, మేనమామ చేత ఒకటి, స్నేహితుల చేత రెండు పాలసీలు కట్టించి, ఆ తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక మానేస్తారు. మొహమాటానికి కట్టిన ఆ పాలసీలు రెండో ఏడు ప్రీమియం కట్టక ల్యాప్స్ అవుతాయి, అంటే రద్దవుతాయి. డబ్బు పోగొట్టుకున్న బంధువు పెళ్లిలో ఎదురైనా ముఖం తిప్పుకుంటాడు. దీన్ని బ్రాంచి నష్టంగా ఎవరూ లెక్కవేయరు. ఆ ఏజెంటు జీవితంలో మాత్రం అది పెద్ద నష్టమే. అందుకే డెవలప్‌మెంట్ ఆఫీసర్లు, ఏజెన్సీ మేనేజర్లు, కొత్తగా టీమ్ కడుతున్నవాళ్లు మనుషుల్ని తీసుకునే దగ్గరే జాగ్రత్తపడాలి.

వెతకాల్సింది ఎక్కడ?

ఖాళీగా ఉన్నవాళ్లను వెతకడం మనకు అలవాటు. డీఎస్సీ కోసమో గ్రూప్స్ కోసమో చదువుతున్న కుర్రాడికి కోడ్ ఇప్పిస్తే, నోటిఫికేషన్ రాగానే పుస్తకాలు పట్టుకుంటాడు. అందులో అతని తప్పేమీ లేదు. ఇప్పటికే నలుగురూ డబ్బు విషయంలో నమ్ముతున్న మనిషిని చూడండి. పొదుపు సంఘం లెక్కలు రాసే ఆవిడ, పోస్టాఫీసు ఆర్డీ కట్టించే మహిళ, మెడికల్ షాపు నడిపే వ్యక్తి, ఊళ్లో అందరికీ తెలిసిన ప్రైవేటు టీచర్. క్లెయిమ్ డబ్బుతో నిలబడిన ఇంటివాళ్లు కూడా. తెలంగాణలో 2018లో రైతు బీమా వచ్చాక, ఇంటిపెద్ద పోయినా 5 లక్షలు చేతికి రావడం చాలా ఊళ్లు కళ్లారా చూశాయి. అలాంటి ఇంటినుంచి వచ్చిన మనిషికి బీమా ఎందుకో మనం చెప్పక్కర్లేదు.

భార్య పేరు మీద కోడ్, పని మాత్రం ప్రభుత్వ ఉద్యోగం చేసే భర్తది అనే ఏర్పాటు జోలికి పోకండి. ఫిర్యాదు వెళ్తే ఉద్యోగానికే ఇబ్బంది.

డబ్బు లెక్క కాగితం మీద చెప్పండి

"పార్ట్‌టైమ్‌గా చేసినా నెలకు యాభై వేలు" అని చెప్పి చేర్చుకున్నవాళ్లు మూడో నెలలో వెళ్లిపోతారు. అభ్యర్థి ముందు కూర్చుని లెక్క వేయండి. ఏడాదికి 24,000 ప్రీమియం ఉన్న పాలసీ మీద మొదటి ఏడాది కమీషన్ 25 శాతం అనుకుంటే 6,000 వస్తుంది. అదే పాలసీని నెలకు 2,000 చొప్పున కడితే కమీషన్ కూడా నెలకు 500 చొప్పునే వస్తుంది. అంటే నెలకు 20,000 సంపాదించాలంటే ఏడాది ప్రీమియం కట్టే పాలసీలు నెలనెలా కొత్తగా మూడు నాలుగు తేవాలి, లేదా నెలవారీవి నలభై నడుస్తూ ఉండాలి. శాతం ప్లాన్‌ని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది. తర్వాతి ఏళ్లలో బాగా తగ్గుతుంది, కానీ పాలసీ నడిచినంతకాలం రెన్యువల్ కమీషన్ వస్తుంది. బస్సు చార్జీలు, పెట్రోలు సొంత ఖర్చే. ఆరు నెలలు ఇల్లు గడవడానికి వేరే ఆధారం లేనివాళ్లను నేనైతే చేర్చుకోను. అప్పుల టెన్షన్‌లో ఉన్నవాళ్లు అవసరం లేని పాలసీలు అంటగడతారు.

ఈ లెక్క విన్నాక కూడా "సరే సార్, చేస్తాను" అన్నవాళ్లే మీకు కావాల్సినవాళ్లు.

కోడ్ రాకముందే ఒక చిన్న పని ఇవ్వండి

ఈ దశలో వాళ్లు పాలసీ అమ్మకూడదు. కానీ తమ ఇంట్లో, దగ్గరి చుట్టాల ఇళ్లలో ఏ పాలసీలు ఉన్నాయి, నడుస్తున్నాయా, నామినీగా ఎవరి పేరు ఉంది అని చూసి రమ్మనవచ్చు. వారం గడువు ఇవ్వండి. పాలసీ బాండ్లు తీయించి చూసినప్పుడు, పెళ్లయి పదేళ్లయినా నామినీగా చనిపోయిన తండ్రి పేరే ఉన్న పాలసీ బయటపడొచ్చు. దాన్ని చూసి కంగారుపడి, మార్పించే ఫారం కోసం మీకు ఫోన్ చేసిన మనిషిని వదులుకోకండి. ఇంటర్వ్యూలో ఎంత బాగా మాట్లాడినా, "టైమ్ కుదరలేదు సార్" అని వచ్చినవాళ్లకు ఆగమని చెప్పడమే మంచిది.

ఏజెంటు కావడానికి రాయాల్సిన పరీక్ష గురించి భయం అక్కర్లేదు. ఐసీ-38 అనే ఆ పరీక్షలో 50 ప్రశ్నలు, గంట సమయం, 35 శాతం వస్తే పాస్. తెలుగులోనూ రాయొచ్చు.

మొదటి మూడు నెలలు పక్కనే ఉండండి

చాలామంది ఆఫీసర్లు కోడ్ చేతికిచ్చి టార్గెట్ చెప్పి పంపేస్తారు. కొత్త ఏజెంటుకు నిజంగా కావాల్సింది పక్కన కూర్చునే మనిషి. మొదటి కొన్ని ఇళ్లలో మీరే మాట్లాడండి, తర్వాత వాళ్లను మాట్లాడనిచ్చి మీరు వినండి. ఇంటాయన "ఆలోచించి చెప్తాంలే" అనగానే కొత్త ఏజెంటు ముఖం వాడిపోతుంది. బయటికి వచ్చాక అక్కడే ఆగి, ఆయన పిల్లల ఫీజుల మాట ఎత్తినప్పుడు మనం ఏం అడగాల్సిందో చెప్పండి. సాయంత్రం ఫోన్లో చెబితే అది అంతగా ఎక్కదు.

ఇంకో చిక్కు ముందే చెప్పాలి. "నీ కమీషన్‌లో కొంత నాకివ్వు, కడతా" అని దగ్గరివాళ్లే అడుగుతారు. బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది నేరం, జరిమానా 10 లక్షల దాకా ఉంటుంది. కొత్తవాళ్లకు జవాబు నేర్పండి: "అన్నయ్యా, అలా ఇస్తే నా కోడ్ పోతుంది. రేపు ఏదైనా అవసరం వస్తే ఆఫీసు చుట్టూ నువ్వు తిరగక్కర్లేదు, నేను తిరుగుతా." కస్టమర్ బదులు ఏజెంటే తన చేతినుంచి మొదటి ప్రీమియం కట్టేసే అలవాటునూ మొదట్లోనే ఆపాలి. మార్చి నెల టార్గెట్ల హడావుడిలో అది మొదలైందంటే ఏజెంటు అప్పులపాలవుతాడు.

మహిళలకైతే ఎల్ఐసీ 2024 డిసెంబరులో మొదలుపెట్టిన బీమా సఖి పథకం ఈ కష్టకాలాన్ని కొంత తేలిక చేస్తుంది. పదో తరగతి పాసై 18 నుంచి 70 ఏళ్లలోపు ఉన్నవాళ్లు చేరవచ్చు. మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 స్టైపెండ్ ఇస్తారు. ఏడాదికి 24 మందికి పాలసీలు చేయించాలనే షరతు ఉంది. స్టైపెండ్ మూడేళ్లతో ఆగుతుంది కాబట్టి పాలసీలు ల్యాప్స్ కాకుండా చూసుకోవడం మొదటి నెలనుంచే నేర్పాలి: ఎవరి ప్రీమియం ఎప్పుడు కట్టాలో నోటుబుక్కులో రాయించి, గడువుకు వారం ముందు ఫోన్ చేయించండి.

ఆరు నెలలైనా కుదరనివాళ్లతో సూటిగా, మర్యాదగా మాట్లాడండి. వాళ్లు మానేస్తామంటే అప్పటిదాకా కట్టించిన పాలసీల జాబితా తీసుకుని, ఆ ఇళ్లకు వాళ్లతో కలిసి ఒకసారి వెళ్లి, ఇకనుంచి ఏ అవసరం వచ్చినా ఎవరికి ఫోన్ చేయాలో చెప్పి మీ నంబరు ఇచ్చి రండి.