ప్రయాణపు ఫొటోలకు చోటు గుర్తు: కెమెరాలోని జీపీఎస్‌ను ఎలా వాడాలి?

రైలు కొండ సొరంగం దాటి వెలుగులోకి వచ్చిన మరుక్షణం తీసిన పదకొండు ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. కింద లోయ, మెలికలు తిరిగిన నది, అవతలి గట్టున ఎండ పడుతున్న కొండ. తిరిగి వచ్చాక వాటిని మ్యాపు మీద పెట్టి చూస్తే పదకొండూ ఒకే చుక్క మీద కుప్పగా కనిపించాయి. ఆ చుక్క లోయలో లేదు. గంట ముందు మేము రైలెక్కిన స్టేషన్‌లో ఉంది. కెమెరాలో జీపీఎస్ ఆన్‌లోనే ఉంది. కానీ ఇనుప పెట్టెలో ఉపగ్రహాల సంకేతం అందకపోవడంతో, తనకు తెలిసిన ఆఖరి చోటునే అది ప్రతి ఫొటోకూ రాసుకుంటూ పోయింది.

చోటు రాయని ఫొటోతో పెద్ద చిక్కు లేదు. ఖాళీ కనిపిస్తుంది, తర్వాత నింపుకోవచ్చు. తప్పు చోటు రాసిన ఫొటో అలా కాదు. పదేళ్ల తర్వాత దాన్నే నిజమని నమ్ముతాం. జీపీఎస్ ఆన్ చేయడం ఒక్క మీట పని. అది రాసే చోటు నిజమైనదేనని చూసుకోవడంలోనే అసలు పనంతా ఉంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

మీ కెమెరాలో జీపీఎస్ ఉందా?

కెనన్ ఈఓఎస్ 6డీ (2012), నికాన్ డీ5300 (2013), పెంటాక్స్ కె-1 (2016), నికాన్ జెడ్9 (2021), ఒలింపస్ టఫ్ వరుసలోని కొన్ని నమూనాలు ఉపగ్రహాల సంకేతం అందుకునే సొంత జీపీఎస్ రిసీవరుతో వచ్చాయి. ఇప్పుడు వస్తున్న చాలా కెమెరాల్లో అది ఉండదు. బ్లూటూత్ ద్వారా ఫోను నుంచి చోటు తీసుకుంటాయి. మెనూలో ‘లొకేషన్’ అన్న మాట రెండు రకాల్లోనూ కనిపిస్తుంది కాబట్టి పొరపాటు పడడం తేలిక. ఫోను పూర్తిగా ఆపేసి, ఆరుబయట నిలబడి, కెమెరాలో ఆ సౌకర్యం ఆన్ చేయండి. కాసేపటికి అక్షాంశ రేఖాంశాలు తెర మీదకు వస్తే రిసీవరు కెమెరాలోనే ఉన్నట్టు.

ముందు గడియారం సరిచేయండి

బయలుదేరే ముందు రోజే చేయాల్సిన పని ఇది. జీపీఎస్ ఇచ్చే సమయం ప్రపంచ ప్రామాణిక సమయం, అంటే యూటీసీ. కెమెరా గడియారం మాత్రం మీరు పెట్టిన స్థానిక సమయం చూపిస్తుంది. మెనూలో టైమ్‌జోన్ సరిగా ఎంచుకోండి. ‘జీపీఎస్‌తో సమయం సరిచేయి’ అనే అర్థం వచ్చే ఎంపిక ఉంటే దాన్ని ఆన్ చేయండి. గడియారంలో నిమిషం తేడా ఉంటే ఏమవుతుందని అనిపించవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న వాహనం ఆ నిమిషంలో ఒక కిలోమీటరు దాటిపోతుంది. చోటు లేని ఫొటోలకు తర్వాత చోటు నింపాల్సి వస్తే మనకు ఆధారం ఈ గడియారమే.

కెమెరాకు ఆకాశం చూపించండి

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. కెమెరా తన చోటును, ఎత్తును కచ్చితంగా లెక్కగట్టాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతం అందాలి. మూడు చాలవా అంటే, కెమెరాలోని చిన్న గడియారం ఉపగ్రహాల్లోని పరమాణు గడియారాలంత కచ్చితంగా నడవదు. ఆ తేడాను సరిచేయడానికే నాలుగోది.

అసలు ఆలస్యం ఇంకో చోట ఉంది. ప్రతి ఉపగ్రహం తాను ఏ కక్ష్యలో, ఎక్కడ ఉన్నదీ స్వయంగా చెబుతుంది. కానీ ఆ సమాచారం సెకనుకు 50 బిట్ల వేగంతో, చుక్క చుక్కగా వస్తుంది. ఒక్క ఉపగ్రహం తన వివరం చెప్పే విడత 30 సెకన్లు. ఆ మధ్యలో మీరు చెట్టు కిందికి వెళ్లారా, సంకేతం తెగి మళ్లీ తర్వాతి విడత కోసం ఎదురుచూడాలి. మొత్తం ఉపగ్రహాల పట్టిక అందాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. చాలా రోజులు వాడకుండా ఉంచిన కెమెరాకూ, విమానంలో వేల కిలోమీటర్లు దాటి వచ్చిన కెమెరాకూ చోటు దొరకడానికి నిమిషాలు పట్టడానికి కారణం ఇదే.

కాబట్టి కొత్త ఊరిలో దిగగానే మొదటి ఫొటో కోసం తొందరపడకండి. ఎత్తయిన గోడలకు, చెట్లకు దూరంగా, ఆకాశం బాగా కనిపించే చోట నిలబడండి. కెమెరా పైభాగం ఆకాశం వైపు ఉండాలి, దాని మీద చేయి అడ్డం పెట్టవద్దు. అయిదు నిమిషాలు కదలకుండా ఉంటే చాలావరకు పని అయిపోతుంది. తెర మీద ఉపగ్రహం బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే ఇంకా వెతుకుతున్నట్టు, నిలకడగా వెలిగితే చోటు దొరికినట్టు. కెమెరాను బట్టి గుర్తులు మారుతాయి కాబట్టి మీ కెమెరా వివరణ పుస్తకంలో ఆ ఒక్క పేజీ చదివి ఉంచుకోండి.

కొన్ని కెమెరాలు ‘సహాయ సమాచారం’ అనే చిన్న ఫైలును ముందుగా కంప్యూటర్‌లోనో ఫోనులోనో దించుకుని మెమరీ కార్డులో పెట్టుకోనిస్తాయి. రాబోయే రోజుల్లో ఉపగ్రహాలు ఎక్కడ ఉంటాయో అందులో ఉంటుంది. అది ఉంటే ఎదురుచూపు బాగా తగ్గుతుంది. అయితే దానికి గడువు ఉంటుంది. పాత ఫైలు పనికిరాదు, ప్రతి ప్రయాణానికీ కొత్తది దించుకోండి.

ఎంత తరచుగా చోటు చూసుకోవాలి?

చాలా కెమెరాల్లో ఈ విరామాన్ని మనమే ఎంచుకోవచ్చు. ఒక్క సెకను నుంచి అయిదు నిమిషాల దాకా ఇచ్చే కెమెరాలు ఉన్నాయి. నడిచే మనిషి 15 సెకన్లలో 20 మీటర్లు కదులుతాడు, అది పట్టించుకోదగిన తేడా కాదు. అదే అయిదు నిమిషాలు పెడితే 400 మీటర్లు. ఊరి నడిబొడ్డున అంత దూరంలో నాలుగు వీధులు మారిపోతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సులో ఆ అయిదు నిమిషాలు 5 కిలోమీటర్లు. నడకలో 15 సెకన్లు, వాహనంలో ఒకటి నుంచి అయిదు సెకన్లు పెట్టుకోవడం నా అలవాటు.

బ్యాటరీ త్వరగా అయిపోతుంది, నిజమే. కానీ అందుకోసం విరామం పెంచడం కన్నా సంచిలో ఇంకో బ్యాటరీ పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. బ్యాటరీ అయిపోతే మార్చుకోవచ్చు, దాటిపోయిన చోటు తిరిగి రాదు.

ఇక్కడే మరో ఎంపిక ఉంటుంది. కొన్ని కెమెరాల్లో కెమెరా ఆపేసినా జీపీఎస్ నడుస్తూనే ఉండేలా పెట్టుకోవచ్చు. రోజంతా ఆపుతూ, తీస్తూ తిరిగేవారికి ఇది చాలా మేలు, ఎందుకంటే ఆన్ చేసిన ప్రతిసారీ మొదటి నుంచి వెతకాల్సిన అవసరం ఉండదు. కానీ ఈ పద్ధతిలో మీట ఆపినంత మాత్రాన జీపీఎస్ ఆగదని గుర్తుంచుకోండి. విమానంలోనూ, రాత్రి బసలోనూ మెనూలోకి వెళ్లి దాన్ని ఆపాలి.

మొదటి ఫొటోను పరీక్షించండి

చోటు దొరికిందని గుర్తు చెప్పగానే ఒక ఫొటో తీసి, సమాచారం మీట నొక్కుతూ జీపీఎస్ పేజీ వచ్చేదాకా వెళ్లండి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, యూటీసీ సమయం వరుసగా కనిపిస్తాయి. ఫొటో ఫైలులో ఎక్సిఫ్ అనే సమాచార భాగంలో రాసి ఉండేవి ఇవే. ఆ అంకెలను ఫోనులోని మ్యాపులో కొట్టి చూడండి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు, ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) 1.85 కిలోమీటర్లు, ఒక సెకను (నిమిషంలో అరవయ్యో వంతు) దాదాపు 31 మీటర్లు. డిగ్రీలు, నిమిషాలు సరిపోయి సెకన్లలో కాస్త తేడా ఉంటే కంగారు పడనక్కర్లేదు.

తర్వాత సమయం చూడండి. జీపీఎస్ సమయానికీ, ఫొటో తీసిన సమయానికీ మధ్య టైమ్‌జోన్ తేడా పోగా ఇంకా నిమిషాలు మిగిలితే, అక్కడ రాసింది పాత చోటు కావచ్చు. రైలులో ఈ ఒక్కటి చూసి ఉంటే నా పదకొండు ఫొటోల సంగతి అప్పుడే తెలిసేది. సొరంగం, మెట్రో, పెద్ద భవనం, వేటి నుంచి బయటికి వచ్చినా ఈ పరీక్ష మళ్లీ చేయండి.

ఎత్తును మాత్రం అంతగా నమ్మకండి. ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, కింది నుంచి సంకేతం ఇచ్చేది ఏదీ లేదు. అందుకే ఎత్తు లెక్కలో పొరపాటు అడ్డంగా ఉండే పొరపాటు కన్నా ఎక్కువ. శిఖరం మీద తీసిన ఫొటోలో ఎత్తు పదుల మీటర్లు తేడాగా కనిపించినా కెమెరా చెడిపోయినట్టు కాదు. 2000 మే దాకా పౌరులకు అందే సంకేతాన్ని అమెరికా కావాలనే చెదరగొట్టేది. అప్పట్లో అడ్డంగానే వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఇప్పుడు ఆరుబయట కొన్ని మీటర్ల లోపే ఉంటుంది.

ఇంకొక మాట. కెమెరా రాసేది మీరు నిలబడిన చోటు, మీరు చూసిన చోటు కాదు. లోయకు ఇవతల నిలబడి అవతలి కొండ కోటను తీస్తే గుర్తు ఇవతలి గట్టు మీదే పడుతుంది. కోట పేరు శీర్షికలో మీరే రాసుకోవాలి. కెమెరాలో దిక్సూచి కూడా ఉంటే, ఏ దిక్కు చూస్తూ తీశారో కూడా నమోదవుతుంది. ఇనుప కటకటాల పక్కన, కారులో ఆ దిక్కు తప్పుతుంది.

సంకేతం అందని చోట్ల

ఎత్తయిన భవనాల మధ్య ఇరుకు వీధుల్లో సంకేతం గోడలకు తగిలి మళ్లి వస్తుంది. కెమెరా ఆ అదనపు దూరాన్ని కూడా నిజమని లెక్కేసి, మిమ్మల్ని పక్క వీధిలో నిలబెడుతుంది. గుహలో, మ్యూజియంలో అసలే అందదు. నీటిలోనూ అంతే. ఇలాంటి చోట్ల లోపలికి వెళ్లే ముందు గుమ్మం బయట ఒక ఫొటో, వచ్చాక ఒక ఫొటో తీయండి. ఈతకు ముందు పడవ మీద ఒకటి. తర్వాత ఆ చోటునే లోపలి ఫొటోలకు నకలు చేయవచ్చు.

దారి నమోదు: రెండో సాక్షి

కొన్ని కెమెరాలు ఫొటోలు తీయకపోయినా మీరు నడిచిన దారిని ఒక లాగ్ ఫైలుగా రాస్తాయి. అది లేకపోతే ఫోనులో దారి నమోదు చేసే యాప్ ఒకటి పెట్టుకుని, జీపీఎక్స్ ఫైలుగా, అంటే దారిలోని చోట్లూ సమయాలూ రాసి ఉండే ఫైలుగా, దాచండి. రోజు మొదట్లో ఫోను గడియారాన్ని, సెకన్లు కనిపించేలా, కెమెరాతో ఒక ఫొటో తీయండి. రెండు గడియారాల మధ్య తేడా ఎంతో ఆ ఒక్క ఫొటోలో పట్టుబడుతుంది.

ఇంటి దగ్గర డిజికామ్, లైట్‌రూమ్, ఎక్సిఫ్‌టూల్ లాంటి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లలో ఫొటోలనూ, జీపీఎక్స్ ఫైలునూ కలిపితే, ఏ సమయానికి మీరు దారిలో ఎక్కడ ఉన్నారో చూసి ఆ చోటును ఫొటోకు రాస్తాయి. ముందు ఫొటోల నకలు తీసి పెట్టుకుని, ఆ నకలు మీద చేయండి. తప్పు చోటు ఉన్నవాటిని ఎంచుకుని, ఆ పాత గుర్తు చెరిపేశాకే ఈ పని మొదలుపెట్టండి. లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఉన్నదాన్ని ముట్టుకోవు. ఆ రోజు పక్క సీటులోని మిత్రుడు కిటికీ అద్దానికి ఆనించి ఉంచిన ఫోనులో దారి నమోదై ఉంది. ఆ ఫైలుతో నా పదకొండు ఫొటోలు లోయ పొడవునా పదకొండు విడి చుక్కలయ్యాయి.

చైనాలో తీసిన ఫొటోలు అక్కడి మ్యాపుల మీద వందల మీటర్లు పక్కకు కనిపిస్తే కెమెరాను అనుమానించకండి. అక్కడి మ్యాపులు చట్టం ప్రకారం అక్షాంశ రేఖాంశాలను గుర్తించే వేరే పద్ధతిని వాడతాయి, తేడా మ్యాపులోనిదే.

పంచుకునే ముందు

ఫొటోలో రాసిన చోటు ఫొటోతోపాటే ప్రయాణిస్తుంది. ఈమెయిల్‌లో అసలు ఫైలు పంపితే అందుకున్నవారికి మీ ఇంటి గుమ్మం దాకా తెలుస్తుంది. ఇంటిని, పిల్లల బడిని, బంధువుల ఇళ్లను తీసేటప్పుడు జీపీఎస్ ఆపేయండి. మిగతా ఫొటోలకు అసలు ఫైలులో చోటు ఉంచుకుని, పంపే నకలులో మాత్రం తీసేయండి. విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్ పేజీ అడుగున ఈ సమాచారం తొలగించే ఎంపిక ఉంది. లైట్‌రూమ్‌లో ఎగుమతి చేసేటప్పుడే చోటు వద్దని చెప్పవచ్చు.

అడవిలో తీసిన ఫొటోల విషయంలో నేను ఇంకా గట్టిగా ఉంటాను. అరుదైన పక్షి గూడు, ఖడ్గమృగం, పులి పిల్లలు ఉన్న గుహ. ఇలాంటి ఫొటోల అక్షాంశ రేఖాంశాలు వేటగాళ్ల చేతిలో పడితే ప్రాణానికే ముప్పు. వాటిని ఎవరికి పంపినా, ఎంత దగ్గరి మిత్రులకైనా, చోటు తీసేసిన నకలే పంపుతాను.